ముందు మీరు కూర్చోండి

విజయరత్నం పంతులుగారు ఆ పొద్దున ప్రార్థన రెండుసార్లు చేసుకున్నారు. ఒకటి అలవాటు కొద్దీ, రెండోది ఇన్‌స్పెక్టరు సాహెబు గురించి. పంజాగుట్టలో రేకుల కొట్టంలో ఆయన నడిపే పెద్దల బడికి ఆ రోజే పరీక్ష. ముగ్గురు శిష్యులూ తెలుగు చదివి వినిపిస్తే బడీ ఉద్యోగమూ ఖాయం. లేదా, పెట్టే బేడా సర్దుకుని బందరులో మామగారింట్లో దిగడమే. ఆ మామగారి మొహం తలుచుకునేసరికి పంతులుగారు కాఫీ గ్లాసు పక్కన పెట్టేశారు.

శిష్యులా, ఏం చెప్పమంటారు! అమీర్‌పేట దర్జీ రసూల్ భాయ్ ఉర్దూ అలవాటున పుస్తకాన్ని చివరి అట్ట దగ్గర మొదలెడతాడు. కూరగాయలమ్మే మంగవ్వ, "గీ బుక్కుల తెలుగు మాది కాదు, పంతులూ" అని అలుగుతుంది. జట్కా తోలే హనుమాండ్లుకి అక్షరం కనిపిస్తే ఆవలింతే. నాలుగు నెలలు గొంతు చించుకుని, చివరికి పంతులుగారు దొంగదారి పట్టారు. మొదటి పేజీలో గుర్రం హనుమాండ్లుకి, రెండో పేజీలో నుయ్యి రసూల్‌కి, మూడో పేజీలో ఆవు మంగవ్వకి. ఎవరి పేజీ వాళ్లు బట్టీ పట్టి, అదే వరసలో బల్ల మీద కూర్చోవాలి.

"వరస మారిందంటే నా బతుకు బందరే!" అని వాళ్లకి పదిసార్లు చెప్పారు.

సాహెబు వచ్చాడు. తెలుగు వింటే అర్థమవుతుంది గానీ చదవడం ఒక్క అక్షరమూ రాదు. ముగ్గురూ లేచి సలాం చేశారు. అక్కడే వచ్చింది చిక్కు. లేచారు సరే, మొదట కూర్చునేదెవరు?

"పహలే ఆప్, అవ్వా! ముందు మీరు కూసోండి" అన్నాడు రసూల్ వంగి.

"నాకెందుకు భాయ్? హనుమాండ్లుకు మోకాళ్ల నొప్పులు. గాయన్ను కూసోనియ్యి" అంది మంగవ్వ.

"ఆడమనిషి నిలబడంగ నేనా? ఛీ ఛీ!" అన్నాడు హనుమాండ్లు.

పంతులుగారు కళ్లతో సైగలు చేస్తే, మర్యాద చాలలేదనుకుని ముగ్గురూ ఇంకో విడత మొదలెట్టారు. ఆఖరికి మంగవ్వ మొదట, హనుమాండ్లు నడుమ, రసూల్ చివర కుదురుకున్నారు.

సాహెబు మొదటి పేజీ తెరిచి మంగవ్వ ముందు పెట్టాడు. గుర్రం బొమ్మ.

"ఇది ఆవు! ఉదయమున, సాయంత్రమున పాలిచ్చును!" అంది మంగవ్వ ఊపిరి తీసుకోకుండా.

సాహెబు బొమ్మనీ, ఆమెనీ మార్చి మార్చి చూసి పేజీ తిప్పాడు. నుయ్యి బొమ్మ.

"ఇది గుర్రము! దీని నెక్కి ఊరేగుదురు!" అని అరిచాడు హనుమాండ్లు.

పంతులుగారు గోడ పట్టుకున్నారు. రసూల్ ఆవు బొమ్మ మీద నాజూగ్గా వేలుంచి, "ఇది నుయ్యి. లోతు చూచి దిగవలెను" అన్నాడు.

సాహెబు ఉర్దూలో కాగితం నిండా రాసి పంతులుగారికిచ్చాడు. "జర గట్టిగ చదువుండ్రి, పంతులుసాబ్."

హైదరాబాదు వచ్చి ఎనిమిదేళ్లయినా పంతులుగారికి ఉర్దూ అక్షరం రాదు. కానీ ఆ కాగితంలో బందరు మాత్రం స్పష్టంగా కనిపించింది. కళ్లనీళ్లు పెట్టుకుని, "తప్పంతా నాదేనండీ" అన్నారు.

"మంచి హుకుం ఇస్తే ఏడుస్తుండేంది?" అని సాహెబు తెల్లబోయాడు.

రసూల్ లేచి వచ్చి, పంతులుగారి చేతిలో తలకిందులుగా ఉన్న కాగితాన్ని సరిగ్గా తిప్పి, తెలుగులో చదివి చెప్పాడు. "పుస్తకంల బొమ్మలు తారుమారుగ అచ్చయినయంట. అయినా మేము బొమ్మలు చూసి మోసపోలేదంట, అక్షరాలనే నమ్మి గడగడ చదివినమంట. బడి ఖాయం! అచ్చేసినోనికి నోటీసు!"

మంగవ్వ చప్పట్లు కొట్టింది. పంతులుగారికి ప్రాణం లేచొచ్చింది. సాహెబు మాత్రం కాగితం వెనక్కి తీసుకుని, కింద ఇంకో వాక్యం గీకాడు. రసూల్ నవ్వాపుకుంటూ అదీ చదివాడు. "పంతులుసాబ్ మూడు నెలలల్ల ఉర్దూ చదువుడు నేర్చుకోవాలె. నేర్పేటోడు దర్జీ రసూల్."

దర్జీ చేతిలో గజంబద్ద గుడ్డ కొలవడానికి మాత్రమే కాదని సోమవారానికల్లా పంతులుగారికి తెలిసొచ్చింది.