ఈ పేరా దాత భీమక్క

ప్రకటనలు లేని రాతలు చదవడం ఆరోగ్యానికి మంచిది కాదు. మధ్యలో ఊపిరి పీల్చుకునే చోటుండదు. నిజం మీద నిజం, బాధ మీద బాధ వచ్చి పడుతూనే ఉంటాయి. అదే మధ్యలో ఒక చీరల కొట్టో, ఒక బజ్జీల బండో ఎదురైందనుకోండి, మనసు ఎంత తేలికపడుతుంది!

మన రచయితలు ఈ సంగతి ఏనాడూ ఒప్పుకోలేదు. ప్రకటన అంటే రాతకు పట్టిన చెద అన్నారు. వాళ్ళ మాట నమ్మేవాళ్ళు ఒకసారి ఆదోనికి వచ్చి, ఎమ్మిగనూరు వైపు ముఖం పెట్టి నిలబడ్డ ఆటోల్లో హుస్సేన్ ఆటో ఎక్కాలి. ఎక్కాక దిగేలోపు మీ అభిప్రాయం రెండుసార్లైనా మారుతుంది.

హుస్సేన్ ఆటో నడుపుతాడు. ప్యాసింజర్లు నిండేదాకా ఖాళీగా కూర్చోలేక ఫోనులో బ్లాగు రాస్తాడు. పేరు ‘మూడు చక్రాలు’. ఆ బ్లాగు పుట్టింది ఒకే ఒక్క గుంత కోసం.

ఎమ్మిగనూరు రోడ్డులో కల్వర్టు దాటగానే ఉంటుందది. పోయిన వానాకాలంలో పుట్టింది. పుట్టినప్పుడు చెంబెడు నీళ్ళు పట్టేది. తర్వాత బిందెడు పట్టింది. పత్తి ట్రాక్టర్ల దయవల్ల ఏడాది తిరిగేసరికి ఆటో ముందు చక్రం మొత్తం పట్టేంత ఎదిగింది. హుస్సేన్ దాని మీద నలభై ఒక్క టపాలు రాశాడు. పొడవు, వెడల్పు, ఎండలో లోతు, వానలో లోతు. ఒక ఫోటోలో లోతు తెలియడానికి తన చెప్పు కూడా పెట్టాడు. ఆ చెప్పు మళ్ళీ దొరకలేదు.

చదివినవాళ్ళు పదకొండు మంది. అందులో ఇద్దరు హుస్సేనే, కొత్త ఫోనులో ఒకసారి, పాత ఫోనులో ఒకసారి.

ఇంత పట్టుదల ఎందుకంటారా? నాలుగు నెలల క్రితం హుస్సేన్ తల్లి జమ్రుద్‌బీ ఇదే ఆటోలో ఎమ్మిగనూరులో ఉన్న కూతురు ఖుష్బూను చూడటానికి బయలుదేరింది. ఆటో గుంతలో దిగింది, జమ్రుద్‌బీ సీటు మీది నుంచి లేచింది, తిరిగి సీటు మీద పడలేదు. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పిన రోజే ఒట్టు పెట్టుకుంది.

“ఆ గుంత పూడేదాకా నేను ఎమ్మిగనూరు దిక్కు చూడను బేటా.”

“బస్సులో పోదువులే అమ్మీ.”

“బస్సేమన్నా దాని మీంచి ఎగిరిపోతాదా?”

అప్పటికి ఖుష్బూ నిండు గర్భిణి. ఆ రోడ్డు మీద పుట్టింటికి ప్రయాణం వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కాన్పు ఎమ్మిగనూరులోనే అయింది. ఆడపిల్ల. అమ్మమ్మ, అదే నానీ, ఇక్కడ, పాప అక్కడ, మధ్యలో గుంత. జమ్రుద్‌బీ రోజూ వీడియో కాల్‌లో పాపకు ముద్దు పెడుతుంది, హుస్సేన్ రోజూ ఫోను అద్దం తుడుచుకుంటాడు. నలభయ్యో రోజు చిల్లా, పురుడు ముగిసే వేడుక. ఆ రోజుకైనా నానీ ఒళ్ళో పాప ఉండాలి. అదీ హుస్సేన్‌కు ఉన్న గడువు.

అతని రెగ్యులర్ ప్యాసింజర్లలో శ్రీపాదరావు అని ఒక రిటైర్డ్ తెలుగు పండితుడున్నారు. వారానికి రెండుసార్లు ఎమ్మిగనూరు వెళ్ళి పిల్లలకు పాఠం చెబుతారు. హుస్సేన్ టపాల్లో ఒత్తులు దిద్దేది ఆయనే. పాపకు మూడో రోజున ఆయన ఒక సలహా ఇచ్చారు.

“ఊరికే వచ్చే రాతను ఎవరు చదువుతారప్పా? ప్రకటనలు పెట్టు. నాలుగు రూపాయలూ వస్తాయి, నలుగురు మనుషులూ వస్తారు. అయితే చదివేవాళ్ళ కంటికి అడ్డం రాకూడదు. పక్కన ఎక్కడో, చిన్నగా, మర్యాదగా ఉండాల.”

హుస్సేన్ ముందు ఇంటర్నెట్ వాళ్ళ ప్రకటనలు పెట్టి చూశాడు. గుంత ఫోటో కింద తెల్లటి పెద్ద కారు ప్రత్యక్షమైంది, ‘ఏ దారైనా మీదే’ అంటూ. వారం రోజుల సంపాదన అర టీకి సరిపోయింది. ఆ కారు ఎవరూ కొన్నట్టు లేదు.

ఇక ఊరి మీద పడ్డాడు. మొదట ఆటోల దగ్గరే ఉగ్గాని, బజ్జీ అమ్మే భీమక్కను అడిగాడు.

“పక్కన చిన్నగా పెడతానక్కా. ఎవరి కంటికీ అడ్డం రాదు.”

“కంటికి రానిదానికి దుడ్డెందుకు ఇయ్యాలప్పా? కనపడకుండా ఉండేకి నేనేమన్నా దొంగతనం చేసినానా?”

ఈ ప్రశ్నకు ప్రపంచంలో ఏ కంపెనీ దగ్గరైనా జవాబుందా? హుస్సేన్ తలొంచుకుని చీరల కొట్టు లక్ష్మన్న దగ్గరికి పోయాడు. లక్ష్మన్న అంతా విని, చెప్పులేసుకుని, అతన్ని వీధి చివర గుడి దాకా నడిపించుకుపోయి మంటపంలో ట్యూబ్‌లైట్ చూపించాడు. దాని మీద ఎర్ర పెయింటుతో లక్ష్మన్న పేరు, తండ్రి పేరు, కొట్టు పేరు, రెండు ఫోన్ నంబర్లు ఉన్నాయి. అక్షరాలు పోగా వెలుతురు రావడానికి రెండంగుళాలు మిగిలాయి.

“ఇది ఎవరి కంటికన్నా అడ్డం వచ్చిందా హుస్సేనూ?”

“లేదన్నా. కంటికి అసలు ఏమీ కనపడడం లేదు.”

“అద్దీ. నువ్వు యాడ్ అంటే ఎవరూ ఇయ్యరు. దాత అను. లైన్లో నిలబడి ఇస్తారు.”

పాఠకులారా, ఒక్క క్షణం ఆలోచించండి. ఫ్యాను రెక్క మీద దాత పేరు మనతో పాటు తిరగడం లేదా? సిమెంటు బెంచీ మీద ఆనుకుంటే ఎవరో ఒకరి స్వర్గీయ తాతగారు వీపుకు తగలడం లేదా? వాటిని మనం ఏనాడైనా ప్రకటనలని తిట్టుకున్నామా? కంటికి అడ్డం రాని ప్రకటన కోసం ఎక్కడెక్కడో పెద్ద చదువుల వాళ్ళు బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు. మన పెయింటర్లు దాన్ని ఎప్పుడో కనిపెట్టి, గుడి మంటపంలో వేలాడదీశారు.

మర్నాటి నుంచి ‘మూడు చక్రాలు’లో ప్రతి పేరా కింద ఒక గీత, గీత కింద ఒక పేరు. ‘ఈ పేరా దాత: భీమక్క, ఉగ్గాని బజ్జీ, ఆటోల దగ్గర’. ‘ఈ పేరా దాత: లక్ష్మన్న, చీరలు, రెడీమేడ్’. కామాలు కూడా ఇస్తావా అని ఒక సెల్‌ఫోన్ రిపేరు అతను అడిగితే, కామా కింద గీత పట్టదని హుస్సేన్ బాధపడుతూ చెప్పాల్సి వచ్చింది.

ఇక లాభాలు చూడండి. దాత తన పేరాను తాను చదివి ఊరుకోడు. భార్యకు చదివి వినిపిస్తాడు, బావమరిదికి వాట్సాప్‌లో పంపిస్తాడు, చదివావా లేదా అని ఫోన్ చేసి కనుక్కుంటాడు. ఏ మహాకవికైనా ఇలాంటి పాఠకులు దొరికారా? లక్ష్మన్న చీర మడత విప్పే ముందు తన పేరాను చదివేవాడు. వినకపోతే మడత విప్పేవాడు కాదు. రెండు వారాలు తిరిగేసరికి పదకొండు మంది పాఠకులు మూడు వేలు దాటారు!

దాతలు రాతను మెరుగుపరిచారు కూడా. ఒకరోజు పొద్దున్నే లక్ష్మన్న ఆటో ఆపాడు.

“నా పేరాలో మీ అమ్మ చెయ్యి విరిగిందని రాసినావు. పెళ్ళిళ్ళ సీజన్ పెట్టుకుని చెయ్యి ఇరగ్గొడితే ఎట్లప్పా? పక్క పేరాలో ఇరగ్గొట్టు.”

పక్క పేరా భీమక్కది. భీమక్క బజ్జీ తిప్పుతూనే అడ్డం తగిలింది.

“నా పేరాలో ఇరిగితే, నా బజ్జీ తిని ఇరిగిందనుకుంటారు. వద్దు నాయనా.”

ఆ కింది పేరా మందుల షాపుది. వాళ్ళు మాత్రం సంతోషంగా ఒప్పుకున్నారు, అయితే చెయ్యి అదే పేరాలో నయం కూడా కావాలన్నారు. ఆ విధంగా జమ్రుద్‌బీ మణికట్టు ఒకే వాక్యంలో విరిగి, కామా దగ్గర అతుక్కుంది. రెండు నెలల కట్టును ప్రకటన అరక్షణంలో విప్పింది. ఇంతకంటే దయగల వైద్యం ఉందా?

తర్వాత దాతల చూపు గుంత మీద పడింది. నా పేరాలో గుంత వద్దంటే నా పేరాలో వద్దన్నారు. గుంత ముందు ‘లోతు’ అయింది. తర్వాత ‘కొద్దిపాటి వంపు’ అయింది. పాపకు ఇరవై అయిదో రోజు వచ్చేసరికి ‘కల్వర్టు దాటాక ప్రయాణంలో చిన్న మార్పు కనిపిస్తుంది’ అన్న దగ్గరికి వచ్చి ఆగింది. శ్రీపాదరావు కళ్ళజోడు తుడుచుకుని మరీ వెతికారు.

“ఒత్తులన్నీ సరిగ్గా ఉన్నాయప్పా. గుంత యాడ?”

“నిన్నటి దాకా రెండో పేరాలో ఉండె సార్.”

హుస్సేన్‌కు లోపల గుచ్చుకుంటూనే ఉంది. కానీ మూడు వేల మంది చదువుతున్నారు. వాళ్ళలో ఒక్క ఇంజనీరైనా ఉండడా, గుంత పూడ్చకపోతాడా అని ఆశ. ఆ సాయంత్రం తల్లికి బ్లాగు చదివి వినిపించాడు. జమ్రుద్‌బీ శ్రద్ధగా విన్నది. పాప కోసం కుడుతున్న చిన్న టోపీని పక్కన పెట్టింది. కుడి మణికట్టును ఎడం చేత్తో ఒత్తుకుంది.

“రోడ్డు చానా బాగుంది బేటా. పా, నీ ఫోన్లో ఉండే రోడ్డు మీద పోదాం.”

హుస్సేన్ ఆ రాత్రి అన్నం సగమే తిన్నాడు. గడువుకు ఇంక పదిహేను రోజులే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడు దిగాడు దేవేంద్రప్ప. కాంట్రాక్టరు. ఆ రోడ్డు వేసింది ఆయనే. రెండేళ్ళ దాకా ఏ మరమ్మతు వచ్చినా చేయాల్సింది కూడా ఆయనే అని కాగితాల్లో ఉంది. కాగితాలు ఆయన బీరువాలో ఉన్నాయి. ఆయన వచ్చింది గుంత గురించి మాట్లాడటానికి కాదు, లక్ష్మన్న గురించి.

“వాని పేరు మా అత్తగారి ఊర్లో కూడా చదువుతాండారంట. నేను యాడికి పోవాల? ఏమప్పా, ఈ ఊరికి చీరలు పెద్దవా, రోడ్లు పెద్దవా?”

“రోడ్లేనన్నా. ఒక మంచి పేరా చూసి ఇస్తాను.”

“పేరా ఎవరికి కావాలప్పా? నేను వేసిన రోడ్డు ఫోటో పెట్టు, పెద్దది. కింద నా పేరు, నా నంబరు. సంవత్సరం పొడుగునా అన్నిటికన్నా పైన ఉండాల. మధ్యలో ఎవరు చెప్పినా తీయకూడదు. చివరికి నేను చెప్పినా తీయకూడదు. జనాలు పొగుడుతాంటే నాకు మొహమాటం ఎక్కువ.”

సంవత్సరం డబ్బు అక్కడికక్కడే ఇచ్చి, రెండు చేతులూ జోడించిన తన ఫోటో కూడా ఇచ్చి పోయాడు.

హుస్సేన్ నిజాయితీపరుడు. డబ్బిచ్చిన పార్టీ ఏం చెబితే అదే చేశాడు. మర్నాడు ఎండ బాగా వచ్చేదాకా ఆగి, కల్వర్టు దాటి, దేవేంద్రప్ప వేసిన రోడ్డును దేవేంద్రప్ప వేసిన చోటే ఫోటో తీశాడు. గుంత నిండుగా, అంచులతో సహా, ఫ్రేము సరిగ్గా నిండేలా పడింది. ట్యూబ్‌లైట్ మీది ఎర్ర అక్షరాల్లాంటి అక్షరాలతో కింద రాశాడు:

‘ఈ గుంత దాత: శ్రీ దేవేంద్రప్ప గారు, కాంట్రాక్టర్.’ పక్కన జోడించిన చేతులు. కింద ఫోన్ నంబరు.

మొదటి ఫోను పొద్దున ఏడింటికి వచ్చిందట. “అన్నా, నీ దానం చూసినాను. చానా లోతుగా ఉంది.” రెండోది పెద్దకడుబూరు నుంచి. “మా ఊరికి కూడా ఒకటి ఇప్పించన్నా, ఇంత పెద్దది లేకున్నా పర్లేదు.” ఇంకొకాయన, దానం దేవేంద్రప్ప తల్లిదండ్రుల జ్ఞాపకార్థమా, కేవలం పుణ్యం కోసమా అని వివరంగా కనుక్కున్నాడు. మధ్యాహ్నానికి అత్తగారి ఊరి నుంచి కూడా వచ్చింది. లక్ష్మన్న ఒక్క చీర కూడా అమ్మకుండా ఆ ఫోటోను వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. పాఠకుల సంఖ్య పదివేలు దాటింది. భీమక్క తన పేరాను దాని పక్కకు జరపమని కబురు పెట్టింది.

రెండో రోజు దేవేంద్రప్ప ఆటోకు అడ్డంగా స్కూటరు పెట్టాడు.

“తీసెయ్.”

“నువ్వు చెప్పినా తీయకూడదంటివే అన్నా.”

“నేనే అంటాండా కదప్పా, తీసెయ్.”

“దాత పేరు మధ్యలో ఎట్ల తీసేది? గుడిలో ట్యూబ్‌లైట్ మాడిపోయినా పేరు తీయరే.”

వెనక సీట్లో శ్రీపాదరావు ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నారు. దేవేంద్రప్ప గొంతు తగ్గించాడు.

“ఏం చేస్తే తీస్తావు?”

“నువ్వు దానం వెనక్కి తీసుకుంటే, నేను పేరు వెనక్కి తీసుకుంటా.”

పాపకు ముప్పై ఏడో రోజున కల్వర్టు దగ్గర కంకర దిగింది. ముప్పై ఎనిమిదో రోజున తారు, రోలరు వచ్చాయి. దేవేంద్రప్ప స్వయంగా గొడుగు పట్టుకుని నిలబడి, తన దానాన్ని పైసా మిగల్చకుండా వెనక్కి తీసుకున్నాడు.

ఇప్పుడు చెప్పండి, ప్రకటనలు వరమా కాదా? నలభై ఒక్కసార్లు కొలతలతో సహా ఉచితంగా చెప్పిన నిజాన్ని పట్టించుకోని లోకం, ఒక్కసారి డబ్బు తీసుకుని అచ్చేస్తే రోలరు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఇక ముందు ఎవరికైనా ఏదైనా కష్టం వస్తే ఫిర్యాదు రాసి టైము వృథా చేసుకోవద్దు. ఆ కష్టానికి దాత ఎవరో కనుక్కుని, ఫోన్ నంబరుతో సహా కృతజ్ఞతలు చెప్పండి.

నలభయ్యో రోజు పొద్దున జమ్రుద్‌బీ టోపీని కొంగులో కట్టుకుని ఆటో ఎక్కింది. రెండు చేతులతో ముందున్న కమ్మీ పట్టుకుంది. కల్వర్టు కనపడగానే కళ్ళు మూసుకుంది.

“వచ్చిందా బేటా?”

“దాటేసినాం అమ్మీ.”

ఆమె కళ్ళు తెరిచి, వెనక్కి తిరిగి, నల్లగా మెరుస్తున్న రోడ్డును కనపడినంతసేపూ చూసింది. కమ్మీ మీద ఒక చెయ్యి వదిలింది. ఇంకో నాలుగు కిలోమీటర్లు పోయారో లేదో ఆటో ఎగిరిపడింది. ఈసారి గుంత కొత్తది. ఆటో ఎడం పక్కకు ఒరిగి లేచింది. ఆమె మళ్ళీ రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, కొంగులో టోపీ ఉందో లేదో తడిమి చూసుకుంది.

“రే హుస్సేన్, ఇది ఎవరి దానంరా?”

“తెలీదు అమ్మీ. వచ్చేటప్పుడు ఫోటో తీస్తా.”

తీశాడు కూడా. ‘మూడు చక్రాలు’లో అన్నిటికన్నా పైన అదే ఉంది. దాని కింద గీత ఉంది, గీత కింద స్థలం ఖాళీగా ఉంది. అర్హులైన దాతలు తమ పేరు, ఫోన్ నంబరు పంపగలరు. ప్రకటన ఎవరి కంటికీ అడ్డం రాదు.