పెద్దావిడ నోరు తెరవలేదు

ఆ ఆదివారం చిన్నల్లుడు పెట్టుకున్న పని చాలా చిన్నది. భార్య బస్టాండుకు వెళ్లి వాళ్లమ్మను తీసుకొచ్చేలోగా నాలుగు వాఫుల్స్, అదే, గళ్లు గళ్లుగా ఉండే విదేశీ అట్లు చేసి, పళ్లెంలో పేర్చి, పైన తేనె పోసి, ఏమీ ఎరగనివాడిలా పేపరు చదువుతూ కూర్చోవాలి. అత్తగారు లోపలికి రాగానే వాసన పట్టి, "ఎవరు చేశారు?" అని అడగాలి. పేపరు మడవకుండానే అతను "నేనేనండీ" అనాలి. ఆ "నేనేనండీ"ని అద్దం ముందు నిలబడి రెండు మూడు రకాలుగా అని చూసుకున్నాడు కూడా.

ఇంత తాపత్రయానికి కారణం తోడల్లుడు. ఆయన పెద్ద హోటల్లో వంటవాళ్లందరికీ పెద్ద. అత్తగారేమో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైనావిడ. మనుషులకు మార్కులు వేయడం ఆవిడకు ఊపిరి తీసుకోవడంతో సమానం. ఆవిడ లెక్కలో పెద్దల్లుడిది ఎప్పుడూ ఫస్టు క్లాసే. కళ్లజోళ్ల దుకాణం నడుపుకునే చిన్నల్లుడు ఏటా అత్తెసరు మార్కులతో గట్టెక్కుతున్నాడు. ఆవిడ పెట్టుకున్న కళ్లజోడు అతను చేసిచ్చిందే. అందులోంచి చూస్తే పెద్దల్లుడి గొప్పతనం ఆవిడకు మరింత స్పష్టంగా కనబడుతోందన్నది అతని బాధ.

పైగా పిలుపులోనూ తేడా ఉంది. పెద్దల్లుణ్ని ఆవిడ "నాయనా" అంటారు. ఇతన్ని "అల్లుడుగారూ" అంటారు. మర్యాదే, కాదనలేం. కానీ అది మనిషిని గుమ్మం అవతలే నిలబెట్టే మర్యాద. కిందటిసారి వచ్చినప్పుడు, "పెద్దాయన గరిటె పట్టుకుంటే అమృతమే. అందరికీ అబ్బదు లెండి, అల్లుడుగారూ" అన్నారు. చిన్నల్లుడికి రోషం పొడుచుకొచ్చింది. "వచ్చే ఆదివారం రండి, నేను చేసి పెడతాను" అని నోరు జారాడు. అప్పటికి అతనికి చేతనైన వంట నీళ్లు కాచడం.

అతనికి పాత వస్తువుల పిచ్చి ఉంది. దుకాణం పక్క సందులో పాత సామాన్లు అమ్మే తాతగారి దగ్గర ఒక వాఫుల్ పెనం కనబడింది. మందపాటి ఇనుముతో చేసిన రెండు దవడలు, లోపల గళ్లు, ముందు నల్లటి పిడి, వెనక బట్ట చుట్టిన కరెంటు తీగ. ఎత్తితే భుజం కుంగింది.

"ఈ పెద్దావిడకి డెబ్బై పైమాటే," అన్నారు తాతగారు, పెనం వీపు నిమురుతూ. "మంచిగా చూసుకుంటే మాట వింటుంది. తొందరపెడితే మొండికేస్తుంది."

ఆ మాట చిన్నల్లుడికి తెగ నచ్చింది. ఇంటికి తెచ్చాక అతనూ దాన్ని పెద్దావిడ అనే పిలిచాడు. పెద్దావిడకు తోడుగా అదే వయసున్న పిండి కలిపే మిషనొకటి కూడా తెచ్చాడు.

భార్య గడప దాటగానే పని మొదలైంది. పిండి, పాలు, వెన్న, గుడ్లు కొలిచి గిన్నెలో పోసి మిషను మీట నొక్కాడు. ఆ మిషనుకు తెలిసినవి రెండే: ఊరుకోవడం, తుఫానవడం. గిన్నెలోని పిండిలో సగం గోడలకెక్కింది. కొంత పైకప్పుకు అంటుకుని, అక్కడ ఆలోచించుకుని, తీరిగ్గా ఒక్కొక్క చుక్కా కిందికి దిగడం మొదలుపెట్టింది. మిగిలింది అతని మొహానికి సరిపోయింది.

అయినా గిన్నెలో కాస్త పిండి ఉంది. మొదటి వాఫుల్ దండిగా రావాలని దాన్నంతా పెనంలో వంచి, మూత వేశాడు. అంచుల వెంట పొంగి వచ్చిన పిండి కాలి, గట్టిపడి, రెండు దవడలనూ జిగురు పెట్టినట్టు పట్టేసింది. పిడి పట్టుకుని లాగాడు. రాలేదు. కత్తి మొన దూర్చాడు. రాలేదు. పెనం తీసి తలకిందులు చేసి చెక్కపీట మీద రెండు దెబ్బలేశాడు. పీట పగిలింది.

వెంటనే తాతగారికి ఫోను చేశాడు. తాతగారికి చెముడు. కాబట్టి గొంతు పెంచక తప్పలేదు.

"తాతగారూ, పెద్దావిడ నోరు తెరవడం లేదండీ."

"ఊరా? ఏ ఊరు?"

"ఊరు కాదండీ, నోరు. పెద్దావిడ నోరు పడిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. ఆవిడకేమైనా అయితే మా ఆవిడకి నా మొహం ఎలా చూపించను?"

"కంగారుపడకు. తీగ పీకి, మళ్లీ కరెంటు పెట్టి చూడు. వేడికి అదే వదుల్తుంది."

అలాగే చేశాడు. పెద్దావిడ ఒక్కసారి చిటపటలాడింది. ఇంట్లో ఫ్యూజు పోయింది. ఫ్రిజ్జు ఒక మూలుగు మూలిగి ఊరుకుంది.

అతని వంటింటికీ ఎదురింటి వంటింటికీ మధ్య గాలి కోసం వదిలిన సందు ఒకటుంది. ఎదురింట్లో ఉండేది నర్సుగా చేసి రిటైరైన ఆవిడ. అందరూ నర్సమ్మగారంటారు. మనసు వెన్న; చెవులు పాము చెవులు. చిన్నల్లుడి అత్తగారు ఆ రోజు వస్తున్నారనీ తెలుసు, అతను ఫోనులో అరిచిందీ వినబడింది. పైగా చిన్నల్లుడి కిటికీకి కింది సగం గరుకు అద్దం. పైన తెల్లగా పాలిపోయిన మొహం, చేతిలో కత్తి తప్ప నర్సమ్మగారికి ఏమీ కనబడలేదు.

"బాబూ, ఆ కత్తెందుకు?" అని అడిగారావిడ.

"నోరు పట్టేసిందండీ. దాంతో తెరుద్దామని."

"పళ్లు గిట్టకరుచుకుంటే కత్తి పెడతారా? ముందది తీసెయ్."

"తీసేశానండీ. గరిటె పెడుతున్నా."

నర్సమ్మగారు కిటికీ చువ్వలు పట్టుకున్నారు. "అసలెలా మొదలైంది? లోపలికేమైనా పోశావా?"

"పిండి పోశానండీ, గిన్నెడూ. అదే లోపల గట్టిపడిపోయినట్టుంది."

"గిన్నెడా? వయసెంత ఆవిడకి?"

"డెబ్బై పైనే. అందుకేగా ఇంత మొండితనం."

"సరే, మాటలొద్దు. మెల్లగా పక్కకి ఒత్తిగిలించు."

"తలకిందులు చేసి రెండేశానండీ. కదల్లేదు. ఇందాకే కరెంటు కూడా పెట్టా. ఒక్కసారి అదిరి ఊరుకుంది."

ఉద్యోగం చేసిన ఇన్నేళ్లలో నర్సమ్మగారు చాలా చూశారు. ఇది మాత్రం చూడలేదు. "ఇంకేం చెయ్యకు బాబూ. చేతులు కట్టుకుని కూర్చో. నేను మనుషుల్ని తీసుకొస్తా" అని లోపలికి పరిగెత్తారు.

ఒక్క వాఫుల్ కోసం ఇంత సాయం చేసే పొరుగువాళ్లు ఈ రోజుల్లో ఎక్కడుంటారనుకున్నాడు చిన్నల్లుడు. అయ్యాక ఆవిడకూ ఒకటివ్వాలని తీర్మానించుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

నర్సమ్మగారు ముందు అంబులెన్సుకు ఫోను చేశారు. తర్వాత బస్టాండులో ఉన్న చిన్నల్లుడి భార్యకు చేశారు. ఆమె అప్పటికే గాభరాగా ఉంది. బస్సు వచ్చింది, జనం దిగారు, అమ్మ మాత్రం దిగలేదు.

"అమ్మ ఇంటికొచ్చేసిందాండీ?"

"వచ్చిందమ్మా. వచ్చి, కొంచెం నలతగా ఉంది. నువ్వు ధైర్యంగా ఉండి, త్వరగా వచ్చెయ్."

"కొంచెం" అన్న మాటను నర్సులు ఏ సందర్భంలో వాడతారో భార్యకు తెలుసు. అక్కకు ఫోను చేస్తే ఎత్తలేదు. బావగారికి చేసి విషయం చెప్పి, ఆటో ఎక్కింది.

నిజానికి అత్తగారు ఒక స్టాపు ముందే దిగిపోయారు. మోకాళ్లకు నడక మంచిదని ఈ మధ్యే డాక్టరు చెప్పారు; ఆ సంగతి కూతురికింకా తెలియదు. చేతిసంచీ ఊపుకుంటూ గేటు దగ్గరికి వచ్చేసరికి అంబులెన్సు, దాని చుట్టూ జనం.

"ఎవరికి బాగాలేదు?" అని వాచ్‌మన్‌ను అడిగారు.

"మూడో అంతస్తులో పెద్దావిడకండీ. కళ్లజోళ్లాయన అత్తగారు. పాపం, నోరు పడిపోయిందంట."

"నోరా?"

"అదేనండీ మాకూ ఆశ్చర్యం. మంచి నోరున్న మనిషంట. అల్లుడు గిన్నెడు పిండి పోసి, తలకిందులు చేసి కొట్టి, కరెంటు పెట్టాడంట."

అత్తగారు సంచీ కింద పెట్టారు. బడిలో ఉన్నన్నాళ్లూ రకరకాల కబుర్లు విన్నారు గానీ, సొంత కబురు ఇలా గేటు దగ్గర వినడం ఇదే మొదలు. కాసేపు ఆవిడకు మాట రాలేదు. ఆ కాసేపటి మటుకు వాచ్‌మన్ చెప్పింది నిజమే అయింది. తర్వాత సంచీ తీసుకుని, స్ట్రెచరు మోస్తున్న ఇద్దరి వెనకాలే మెట్లెక్కారు.

నర్సమ్మగారు ముందు, స్ట్రెచరు మధ్యన, అత్తగారు వెనక. తలుపు తీసిన చిన్నల్లుడికి వెనకున్నవాళ్లు కనబడలేదు. స్ట్రెచరు చూసి, పెనం బరువని చెప్పడం మంచిదే అయిందనుకున్నాడు గానీ, చెప్పినట్టు గుర్తు రాలేదు.

"పేషెంటెక్కడ?" అన్నాడు అంబులెన్సతను.

"ఇదిగోండి, ఇక్కడే," అంటూ చిన్నల్లుడు వంటింట్లోకి దారి తీసి, తువ్వాలు కప్పిన పెనాన్ని చూపించాడు.

పైకప్పు నుంచి ఒక చుక్క నర్సమ్మగారి భుజం మీద పడింది.

"పెద్దావిడంటే ఇదా?" అన్నారావిడ నీరసంగా.

"కాదు, నేను," అన్నారు అత్తగారు వెనక నుంచి.

నర్సమ్మగారు స్టూలు మీద కూలబడ్డారు. కూలబడుతూనే, అలవాటు కొద్దీ అత్తగారి మణికట్టు పట్టుకుని నాడి చూశారు. బాగానే ఉంది. చిన్నల్లుడిది చూసి ఉంటే వేరే మాట చెప్పేవారు.

అంతలో భార్య ఏడుస్తూ వచ్చి వాళ్లమ్మ మెడకు చుట్టుకుంది. "నీకేదో అయిందన్నారమ్మా. నా ప్రాణం పోయినంత పనైంది. బావగారికి చెప్తే, పొద్దుటిపూట హోటల్లో రద్దీ ఎక్కువట, రద్దీ తగ్గాక వస్తానన్నారు. ఈలోగా ఏదైనా అయితే ఫోన్ చెయ్యమన్నారు."

అత్తగారు కూతురి చేతులు విడిపించుకున్నారు. "రద్దీ తగ్గాకా?"

"అవునమ్మా."

ఆవిడ కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. గోడలు చూశారు, పైకప్పు చూశారు, పగిలిన పీట చూశారు. చివరికి అల్లుణ్ని చూశారు. అతని కనుబొమల మీద పిండి ఎండిపోయి, కళ్లార్పితే రాలుతోంది.

"ఇదంతా ఎందుకు?"

అద్దం ముందు నేర్చుకున్న మాటేదీ ఇప్పుడు పనికొచ్చేలా లేదు. "మీరొస్తున్నారని, వాఫుల్స్ చేద్దామనుకున్నానండీ," అన్నాడు.

"పాడైతే పక్కన పారెయ్యక, ఇంతసేపూ దాన్ని బతిమాలుతూ కూర్చున్నావా?"

"వయసులో పెద్దదండీ. పారెయ్యబుద్ధి కాలేదు."

అత్తగారు పెనం మీది తువ్వాలు సర్దారు. తర్వాత, "ఇనప పెనానికే ఇంత చాకిరీ చేశావు," అన్నారు మెల్లగా. "వెళ్లు నాయనా, మొహం కడుక్కుని రా."

అతను మొహం కడుక్కుని వచ్చేసరికి, చల్లారిన పెనం మూతను అంబులెన్సతను ఒక్క వేలితో ఎత్తి చూస్తున్నాడు. లోపల ఉన్నది చెప్పు అట్టలా ఉంది. అత్తగారు దాన్ని విరవబోయి, కుదరక, పక్కన పెట్టారు. చిన్నల్లుడు ఫ్యూజు వేశాడు. అత్తగారు మళ్లీ పిండి కలిపారు, చేత్తోనే, గరిటెతో. "కొంచెం కొంచెం పొయ్యి. ఆవిరి ఆగేదాకా మూత ముట్టుకోకు" అని పక్కన నిలబడి చేయించారు. రెండోదాని అంచులు చిరిగాయి. మూడోది గళ్లు గళ్లుగా, బంగారు రంగులో, చెక్కుచెదరకుండా వచ్చింది. దాని మీద తేనె పోస్తే ప్రతి గడిలోనూ బుల్లి చెరువు నిలిచింది.

అంబులెన్సువాళ్లు నిలబడే తిన్నారు. నర్సమ్మగారు రెండు తిని, మూడోది పొట్లం కట్టించుకున్నారు. అత్తగారు తీరిగ్గా నమిలి, "గట్టిగా ఉంది" అన్నారు.

"అవునండీ," అన్నాడు చిన్నల్లుడు తల వంచుకుని.

"నా పళ్లూ గట్టివే. ఇంకోటి వెయ్యి."

మధ్యాహ్నం అవుతుండగా పెద్దల్లుడి ఫోను వచ్చింది. "అత్తగారికెలా ఉంది?" అన్న గొంతు గది చివరిదాకా వినబడింది. కూతురి చేతిలోంచి ఫోను అత్తగారు అందుకున్నారు.

"నేనే మాట్లాడుతున్నానండీ, అల్లుడుగారూ. రద్దీ తగ్గిందా?"



సాయంత్రం బస్సెక్కే ముందు అత్తగారు చిన్నల్లుడి భుజం తట్టారు. "వెళ్లొస్తా నాయనా. పెద్దాయనకి పాపం తీరికుండదు. ఇకనుంచి ప్రతి ఆదివారం ఇటే వస్తాలే."

బస్సు మలుపు తిరిగేదాకా చిన్నల్లుడు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. "విన్నావా," అన్నాడు భార్యతో, మొహం వెలిగిపోతూ. "నాయనా అన్నారు."

"ప్రతి ఆదివారం అని కూడా అంది," అంది భార్య.

ఆ రెండో మాట అతనికి బుధవారం నాడు, మళ్లీ పిండీ గుడ్లూ కొంటున్నప్పుడు గాని అర్థం కాలేదు.