ఆడవాళ్ల వైపే తిరిగే ఫ్యాను

కోత పండుగ ఆదివారం నాడు లూదియా వేసుకున్న లెక్క చిన్నది. నంద్యాలలో తొలి బస్సు ఎక్కాలి, ఆళ్లగడ్డలో దిగాలి, ఆరాధన మొదలయ్యేలోగా చర్చి గుడి ఫ్యానును తిప్పి చూసుకోవాలి. అది చెప్పిన మాట వింటే సంఘం వారి బడిలో ఆమెకు ఉద్యోగం. సంఘ పెద్ద, బడి కార్యదర్శి అయిన శాంతయ్య ఈ సంగతి నలుగురిలోనే చెప్పాడు.

"ఆ ఫ్యాను తగువు తీర్చు పాపా, కరెంటు పని నేర్పే కొలువు నీదే. తీర్చలేదనుకో, నీ చదువు మాకెందుకు?"

గుడిలో మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు కూర్చుంటారు. మధ్యలో, వేదిక ముందు ఉన్నది ఒక్కటే స్టాండు ఫ్యాను. ఎనభై రెండులో దాని మెడ తిప్పే మర అరిగిపోయింది. అప్పటి నుంచి లేచినవాళ్లంతా దాని మెడ పట్టుకుని తమ వైపు తిప్పుకుంటున్నారు. ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి లూదియా. పాలిటెక్నిక్‌లో పక్కన పడేసిన ఒక సర్వో మోటరును అడిగి తెచ్చి, కిందటి వారమే ఆ మెడకు బిగించి, దాన్ని నడిపే పెట్టెను వేదిక ముందు అంచున పెట్టింది.

పండుగ పొద్దున్నే పాస్టరుగారి భార్య కృపమ్మ వచ్చి చూసింది. "ఏందమ్మే ఇది? మా బోరు మోటరు లాంటిదేనా?"

"బోరు మోటరు తిరగతానే ఉంటాదత్తా. ఇది యాడిదాకా తిరగాల్నో తెలుసుకొని ఆగతాది. పెట్టె మీదుండే ఈ పిడి యాడికి తిప్పితే అదే దానికి హుకుం. ఫ్యాను మెడకాడ రేడియో సౌండు తిప్పే గుండీ లాంటిది ఒకటి పెట్టినా. తాను యాడుండేదీ అది పెట్టెకు చెప్తాంటాది. హుకుంకూ ఉన్న చోటుకూ తేడా ఉన్నంతసేపు మోటరు తిప్పతాది, తేడా పోతే ఆగతాది. ఎవురన్నా తోసినా మళ్లా వచ్చి ఆడనే నిలబడతాది."

"మా ఆయన కంటే నయం. అన్నీ ఇట్లాంటివేనా?"

"ఇది డీసీది. పెద్ద యంత్రాలకు ఏసీవి ఉంటాయి. కొన్ని సగం చుట్టు తిరిగి ఆగతాయి, కొన్ని ఆగకుండా తిరగతాయి. కొన్ని తిరగనే తిరగవు, ముందుకూ వెనక్కూ జరగతాయి."

"మనకు సగం చుట్టు సాలులే. పూర్తిగా తిరిగితే ఆయనక్కూడా గాలి తగిలి ప్రసంగం పెంచుతాడు," అంది కృపమ్మ.

లూదియా పిడిని అటూ ఇటూ తిప్పింది. ఫ్యాను అటూ ఇటూ తిరిగింది. పిడిని నడుమ నిలిపి, ఆమె వెళ్లి ఆడవాళ్లలో కూర్చుంది. పండుగ పూట వేదిక మీద ఏదీ బోసిగా ఉండకూడదని కృపమ్మ కనబడిన ప్రతిదాని మీదా తెల్లగుడ్డ పరిచింది. జనం కానుకలు తెచ్చారు. జొన్న కంకులు, బుట్టలో కోడి, చేటనిండా శనగలు. అందరి కానుకల కంటే ముందు తనది కనబడాలనేది శాంతయ్య ఏటేటా పాటించే నియమం. సున్నంతో తన పేరు రాసిన పెద్ద గుమ్మడికాయను వేదిక ముందు భాగంలో, గుడ్డ పరిచిన ఎత్తు మీద దింపించాడు.

మొదటి పాట ఎత్తుకునేసరికి ఫ్యాను ఆడవాళ్లకేసి చూస్తోంది. పాట అయిపోయి ప్రసంగం మొదలైనా అటే చూస్తోంది.

శాంతయ్య పక్కన కూర్చున్న మత్తయి లేచి దాని మెడ ఇటు తిప్పాడు. చెయ్యి తీయగానే అది అటు పోయింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ పోయింది.

"ఆడపిల్ల కట్టింది, ఆడోళ్ల పక్కే పోతాంది," అన్నాడు శాంతయ్య.

"ఆ పాపకు కృపమ్మ పొద్దున్నే టిఫిను పెట్టింది, నేను చూసినా," అన్నాడు వెనక బెంచీ ఆయన. ఆ టిఫిను బెంచీలు దాటి తలుపు దగ్గరికి చేరేసరికి కోడికూర అయింది.

"ఇన్నేండ్లకు దేవుడు మా పక్క చూసినాడు," అంది ఎడమవైపు నుంచి ఒక ముసలమ్మ.

మత్తయికి పౌరుషం వచ్చింది. తువ్వాలుతో ఫ్యాను మెడను ముందు బెంచీకి కట్టేశాడు. మోటరు మూలిగింది. కాసేపు బిగబట్టి లాగింది. ముడి జారింది. ఫ్యాను ఒక్క ఊపున వెనక్కి తిరిగింది. దాని మెడకు వేలాడుతున్న తువ్వాలు కోడిబుట్టకు తగిలి బుట్ట దొర్లింది. కోడి శనగల చేట మీదికి ఎగిరింది. కోడిని పట్టబోయిన శాంతయ్య శనగల మీద కాలు వేసి కూలబడ్డాడు.

పాస్టరుగారు ప్రసంగం ఆపేశారు.

"సాలు పాపా," అన్నాడు శాంతయ్య కిందనుంచే. "మోటరు చెడిపోయింది. కొలువు మాట మర్చిపో."

లూదియా కళ్లు ఫ్యాను మీదే ఉన్నాయి. ఇంత జరిగినా అది మొదట నిలిచిన చోటే, అంగుళం తేడా లేకుండా నిలిచి ఉంది.

"చెడిపోయిన మోటరు అన్నిసార్లు ఒకే చోటికి రాదు పెదనాయనా. ఎవురో హుకుం ఇస్తాండారు. అది వింటాంది."

"ఎవురబ్బా ఆ మొగోడు? అందరి ముందర నిలబెట్టు, చూస్తా."

లూదియా వేదిక దగ్గరికి వెళ్లి తెల్లగుడ్డ అంచు ఎత్తింది. గుడ్డ కింద ఆమె పెట్టె ఉంది. పెట్టె మీద గుమ్మడికాయ ఉంది. కాయ కడుపు పిడిని ఎడమ కొసకు నెట్టి, కదలనీయకుండా ఒత్తి పట్టుకుంది. ఎవరిదని అడగనక్కర్లేదు, పేరు జనానికేసి తిరిగే ఉంది.

"మీ మాటే వినింది పెదనాయనా. మత్తయి మామ కట్టేసినా మీ మాట దాటలే."

ముందు నవ్వింది మగవాళ్లే. ఇద్దరు లేచి కాయను దింపారు. లూదియా పిడిని నడుమకు తెచ్చింది, ఫ్యాను నడుమకు వచ్చింది. కుడికి తిప్పింది, శాంతయ్య పంచెకు అంటుకున్న శనగపొట్టు ఎగిరిపోయింది. ఆయన ఆ గాలికి కాసేపు కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

"రేపట్నుంచి బడికి రా," అన్నాడు. "ఇంతగా నా మాట వినేది మా ఇంట్లోనే లేదు."

మధ్యాహ్నం కానుకల వేలంలో ఆ గుమ్మడికాయను ఆడవాళ్లు పట్టుబట్టి పాడుకుని, పులుసు పెట్టి అందరికీ వడ్డించారు. శాంతయ్యకు రెండోసారి కూడా వేశారు.

ఆ తర్వాత ఆ సంఘంలో ఎవరైనా మొండికేస్తే, మనిషిని తిట్టేముందు గుమ్మడికాయ ఎక్కడుందో చూసేవారు.