స్వాగతం రాయికీ ధన్యవాదాల రాయికీ మధ్య

ప్రతి పట్టణానికీ ఒక సరిహద్దు ఉంటుంది. అది ఎక్కడుందో ఎవరికీ తెలియకుండా కాపాడుకోవడాన్నే పురపాలన అంటారు. ఈ సూత్రం ఏ చట్టంలోనూ రాసి లేదు కానీ, సున్నపుమెట్ట పురపాలక సంఘంలో పందొమ్మిదేళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టినవాణ్ణి కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. సరిహద్దు తెలిసిపోతే లోపలివాళ్లు నీళ్లడుగుతారు. బయటివాళ్లు తామూ లోపలే ఉన్నామంటారు. ఇక ఆఫీసు పని సాగదు.

సున్నపుమెట్ట ఎక్కడని అడిగేవాళ్లకు, నడికుడి స్టేషన్లో దిగి, జట్కా ఎక్కి, దుమ్ము ఎర్రగా ఉన్నంతసేపు ప్రయాణం చేసి, దుమ్ము తెల్లబడ్డ చోట దిగమని చెబుతాం. సున్నపుమెట్ట, తూర్పుపాలెం, వేపలకుంట అనే మూడు పల్లెల్ని కలిపి ప్రభుత్వం వారు దీన్ని పట్టణం చేశారు. చేసిన రోజు నుంచీ ఇందులో పట్టణవాసి అనేవాడు ఒక్కడూ లేడు. తూర్పుపాలెం వాణ్ణి ఏ ఊరని అడిగితే తూర్పుపాలెం అంటాడు. వేపలకుంట వాడు వేపలకుంట అంటాడు. సున్నపుమెట్ట వాడు 'గురజాల దగ్గర' అని ఊరుకుంటాడు. మొత్తానికి మునిసిపాలిటీ అనేది మునిసిపల్ ఆఫీసులో మాత్రమే ఉండేది. అదీ పదిన్నర నుంచి అయిదింటి దాకా.

ఇలా సుఖంగా ఉన్న మాకు 1985 నవంబరులో ఇంగ్లండు నుంచి ఒక కవరు వచ్చింది. బ్రాడ్‌మెర్ మెట్రోపాలిటన్ బరో అనేవారు, అంటే అక్కడి పురపాలక సంఘం వారు, మాతో స్నేహం చేస్తామని రాశారు. మన ఖ్యాతి అంత దూరం పాకిందని కమిషనర్ అమరేశ్వరరావు గారు పొంగిపోయారు. (వాళ్లు రెండు వందల మునిసిపాలిటీలకు రాశారనీ, జవాబిచ్చే తీరిక మాకొక్కరికే ఉందనీ తర్వాత తెలిసింది.) నాకు ఇంగ్లీషు వచ్చునన్న అపవాదు ఉండడంతో, కవరుతో పాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని చైర్మన్ అంకమ్మరావు గారికి చదివి చెప్పే పని నామీద పడింది.

ఆ పుస్తకం ప్రకారం అక్కడ 1974లో అయిదు ఊళ్లను కలిపి ఒక బరో చేశారు. ఒక ఊరి పేరు పెడితే మిగతా నాలుగూ ఒప్పుకోలేదు. అందుకని బాతులు తప్ప మనుషులెవరూ ఉండని ఒక మడుగు పేరు పెట్టారు. ఆఫీసు ఒక ఊళ్లో, గ్రంథాలయం ఇంకో ఊళ్లో పెట్టారు. మేయరు పదవి ఏడాదికొక ఊరికి తిరుగుతుంది. వార్డుకు ముగ్గురు సభ్యులు. ముగ్గురినీ ఒకేసారి ఎన్నుకుంటే జనం అలిసిపోతారని ఏడాదికొకణ్ణి చొప్పున మూడేళ్లు ఎన్నుకుంటారు. నాలుగో ఏడు ఊరికే కూర్చోకుండా పైనున్న కౌంటీకి, అంటే మన జిల్లా లాంటిదానికి, ఎన్నికలు పెట్టుకుంటారు. మెట్రోపాలిటన్ అంటే మహానగరానికి చెందినది. మహానగరం మాత్రం పక్కన ఉంది. మేయరు గారు మెడలో బంగారు గొలుసు వేసుకుని వస్తే అందరూ లేచి నిలబడతారు. ఆయనకు అధికారం ఏమీ ఉండదు.

చైర్మన్ గారు అంతా శ్రద్ధగా విని, "మనకు గొలుసు లేదేంది?" అన్నారు. ఆ సమావేశంలో ఆయన అడిగిన ప్రశ్న అదొక్కటే. మినిట్స్‌లో ఉంది.

బరో వారు పంపిన ఫారంలో మూడు భాగాలు. మొదటిది మీ పరిపాలన ఎలా ఉన్నది. 'ఉన్నది' అని రాశాం. రెండోది భౌగోళిక స్వరూపం. తూర్పున వాగు, పడమట రాళ్లగనులు, ఉత్తరాన కృష్ణానది, దక్షిణాన కోర్టులో వ్యాజ్యం అని రాశాం. మూడోది పౌర గుర్తింపు, అంటే మీ ఊరి చిహ్నం, నినాదం వగైరా. ఇది కాస్త చిక్కు తెచ్చింది. చిహ్నంలో సున్నపుబట్టీ ఉండాలని సున్నపుమెట్ట, ఎద్దు ఉండాలని వేపలకుంట, మిరపకాయ ఉండాలని తూర్పుపాలెం పట్టుబట్టాయి. ఎవర్నీ నొప్పించకూడదు కాబట్టి, నోట్లో మిరపకాయతో సున్నపుబట్టీ మీద నిలబడ్డ ఎద్దును ఖాయం చేశాం. ఆ ఎద్దు మొహం చూస్తే పౌర గుర్తింపు అంటే ఏమిటో ఎవరికైనా తెలుస్తుంది. నినాదం హైస్కూలు సంస్కృతం మాస్టారు రాసిచ్చారు. అర్థం అడగడం మర్యాద కాదని మేం అడగలేదు. గొలుసు నరసరావుపేటలో గిల్టుతో చేయించారు. చైర్మన్ గారు దాన్ని స్నానానికి తప్ప తీయలేదు.

పదకొండో ప్రశ్న దగ్గర ఆఫీసు ఆగిపోయింది. పట్టణంలోకి వచ్చేటప్పుడు కనిపించే స్వాగత ఫలకం, వెళ్లేటప్పుడు కనిపించే ధన్యవాద ఫలకం, ఈ రెంటి పక్కనా తమ ప్రతినిధులు మార్చిలో వచ్చి ఫోటో దిగుతారట. ఫలకం పాతాలంటే సరిహద్దు ఎక్కడో తేల్చాలి.

ఇక్కడ జాన్‌బీ గురించి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. ఆఫీసులో ఆరేళ్లు అలాగే దాటేశాం.

నడికుడి రోడ్డు మీద, ఊరి చివర అనదగ్గ చోట, రాళ్లగని కాలనీ ఉంది. నలభై రెండు ఇళ్లు. నాపరాళ్లు తీసేవాళ్లు, చెక్కేవాళ్లు, లారీలకెత్తేవాళ్లు. వాళ్లకు మంచినీళ్లంటే పాత గనిగుంటలో నిలిచిన పచ్చటి నీళ్లే. అరవై మెట్లు దిగాలి. అవి మనుషుల కోసం కొట్టిన మెట్లు కావు, రాయి తీయగా మిగిలినవి. కిందటి వేసవిలో జాన్‌బీ కూతురు రబియా నిండు బిందెతో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. పదిహేడేళ్ల పిల్ల ఇప్పటికీ గోడ పట్టుకుని నడుస్తుంది. కాలనీకి ఒక్క కుళాయి వేయించమని జాన్‌బీ ఏటా ఒక అర్జీ పెట్టేది. 'తమ నివాసము పురపాలక పరిధిలో ఉన్నట్లు రుజువు చేసినచో పరిశీలించబడును' అని ఏటా జవాబు వెళ్లేది. ఆ జవాబులు ఆరూ నా దస్తూరీయే. పరిధి ఎందాకా ఉందని ఆమె అడిగితే, అందుకు వేరే అర్జీ పెట్టుకోవాలని చెప్పింది కూడా నేనే.

జాన్‌బీ భర్త పీర్ సాహెబ్ రాతి మీద అక్షరాలు చెక్కడంలో మొనగాడు. కమిషనర్ గారు రెండు ఫలకాల కోసం అతన్ని పిలిపించారు. వెంట జాన్‌బీ కూడా వచ్చింది. పీర్ సాహెబ్ రాళ్ల కొలతలు రాసుకుంటుంటే ఆమే మాట్లాడింది.

"కూలి వద్దు సారూ. రాయి మాది, చెక్కుడు మాది. నిలబెట్టేది కూడా మేమే చూసుకుంటాం. మీ మనుషులు ఆ బరువు మొయ్యలేరు."

కమిషనర్ గారికి కళ్లు చెమర్చాయి. ఫైలు మీద 'ప్రజా భాగస్వామ్యం' అని రాసుకోమన్నారు.

పది రోజుల్లో రెండు రాళ్లూ తయారయ్యాయి. ధన్యవాదాల రాయి ఆఫీసు ఆవరణలో దింపారు. స్వాగతం రాయిని మాత్రం కాలనీ మనుషులు పాతికమంది కలిసి మోసుకెళ్లి, కాలనీలో చిట్టచివరి ఇల్లు దాటాక, నడికుడి వైపున పాతారు. మేం చూడబోయేసరికి, జాన్‌బీ ఇంటి పక్కనుండే రోశమ్మ ఆ రాయిని కడిగి, నిలువునా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టేసింది. మూడో రోజుకల్లా తూర్పుపాలెం ఆడవాళ్లు దాని చుట్టూ ప్రదక్షిణాలు మొదలుపెట్టారు.

పల్నాడులో నిలబెట్టిన రాయికి పసుపు పడితే దాన్ని కదిలించే అధికారం కలెక్టరుకు కూడా లేదు. ఎప్పుడో ఒక ఓవర్సీరు అలాంటి రాయినొకదాన్ని పక్కకు జరిపించి, ఆ సాయంత్రమే సైకిలు మీంచి పడ్డాడని ఆఫీసులో నమ్మకం ఉంది. (రోడ్డు బాగాలేక పడ్డాడని ఫైల్లో ఉంది. ఆ రోడ్డు వేసింది ఆ ఓవర్సీరే.) రోశమ్మ చేత పసుపు రాయించిన బుర్ర ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు.

ప్రదక్షిణాలు మొదలైన మర్నాడే జాన్‌బీ ఏడో అర్జీ వచ్చింది. 'స్వాగతం రాయి లోపలే ఉన్నాము. కుళాయి వేయించండి' అని ఒకే ఒక్క వాక్యం. నా సర్వీసులో అంత చక్కటి అర్జీ చూడలేదు. చాలా సంతోషం వేసింది. పైకి కనపడకుండా దాన్ని కమిషనర్ గారి బల్ల మీద పెట్టాను.

అమరేశ్వరరావు గారు మూడు రోజులు ఆ అర్జీని ముందేసుకుని కూర్చున్నారు. నాలుగో రోజు పొద్దున్నే ఎనిమిది మందిని, ఒక లారీని పిలిపించి, ఆవరణలో పడున్న ధన్యవాదాల రాయిని ఎత్తించారు. కాలనీలో మొదటి ఇంటికి నాలుగు గజాలు ఇవతల, అంటే ఊరి వైపున, పాతించారు. పసుపు స్వయంగా ఆయనే రాశారు. కొబ్బరికాయ స్టేషనరీ కింద తెప్పించాం.

దీనితో సమస్య పరిష్కారమైంది. నడికుడి నుంచి వచ్చేవాడికి కాలనీకి ముందే ఊరు మొదలవుతుంది. ఊళ్లోంచి నడికుడి వెళ్లేవాడికి కాలనీకి ముందే ఊరు అయిపోతుంది. అంటే కాలనీ వచ్చేటప్పుడు ఊళ్లో ఉంటుంది, వెళ్లేటప్పుడు ఉండదు. దీని వివరణగా ఒక సర్క్యులర్ వెలువడింది. దాని సారాంశం ఇది: నీరు పట్టణములో పుట్టి బయటికి పోవు పదార్థము గనుక ధన్యవాదాల రాయి వద్ద ఆగవలెను. చెత్తయు బయటికి పోవు పదార్థమే గనుక ధన్యవాదాల రాయి దాటించి పారబోయవలెను. ఓట్లు, ఇంటి పన్ను లోపలికి వచ్చునవి గనుక వాటికి స్వాగతము.

మార్చి మొదటి వారంలో బ్రాడ్‌మెర్ నుంచి మళ్లీ కవరు వచ్చింది. ఈ నెలాఖరుతో తమ పైనున్న కౌంటీ మండలి రద్దవుతున్నదనీ, స్నేహాల శాఖ ఆ మండలిదే కాబట్టి ప్రతినిధుల రాక కూడా రద్దయినదనీ, బస్సులూ అగ్నిమాపకమూ తమ నెత్తిన పడుతున్నందున ఇకపై స్నేహానికి తీరిక ఉండదనీ రాశారు. మా దగ్గర అంతకు ముందు ఏడే తాలూకాలు రద్దయి మండలాలు వచ్చాయి. కాబట్టి ఆ బాధ మాకు తెలుసు. చైర్మన్ గారు గొలుసుతో సహా లేచి నిలబడగా, ఇంగ్లండులో పోయిన కౌంటీకి కౌన్సిలు రెండు నిమిషాలు మౌనం పాటించింది.

ఎవరూ రావడం లేదు కనక ఆ ధన్యవాదాల రాయి తీసేస్తే పోతుందేమోనని కమిషనర్ గారితో అన్నాను. పందొమ్మిదేళ్లలో నేను ఇచ్చిన సలహా అదొక్కటే. ఆయన నావైపు జాలిగా చూసి, పసుపు రాసిన రాయిని ఎలా కదిలిస్తామయ్యా అన్నారు.

ఆ సాయంత్రం జాన్‌బీ వచ్చింది. చంకలో ఖాళీ బిందె ఉంది. వచ్చింది గనిగుంట నుంచి కాదు, సర్క్యులర్ ప్రకారం ధన్యవాదాల రాయి దాకా పైపు తెచ్చి కొత్తగా బిగించిన మా కుళాయి దగ్గర్నుంచి. అక్కడ నీళ్లు పట్టబోతే మా ఫిట్టరు పరిధి దాటి తీసుకెళ్లకూడదని బిందె ఒంపించేశాడట. సర్క్యులర్ ఆమెకు చదివి వినిపించమని కమిషనర్ గారు నాకు చెప్పారు. చదివాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. ఆమె చివరిదాకా విని, బిందె కింద పెట్టింది.

"వచ్చేవాళ్లకు ఒక రాయి పెట్టారు, పొయ్యేవాళ్లకు ఒక రాయి పెట్టారు. బాగుంది సారూ. మేం వచ్చేదీ లేదు, పొయ్యేదీ లేదు. ముప్పై ఏళ్లుగా ఆడనే ఉంటిమి. మాకు ఏ రాయి వర్తిస్తదో చెప్పండి."

కమిషనర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, చాలా మర్యాదగా జవాబిచ్చారు.

"ఉండేవాళ్లకు రాయి ఎక్కడా పెట్టరమ్మా. ఇంగ్లండులో కూడా పెట్టరు."

ఆమె వెళ్లాక నేను బ్రాడ్‌మెర్ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా తిరగేశాను. ఆయన చెప్పింది నిజమే.