పెందుర్తిలో పెద్ద సర్వే

ఆ ఆదివారం భీమశంకరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఇడ్లీ తిని, పెందుర్తి వెళ్ళి, తన స్థలం అచ్యుతరామయ్యగారికి చూపించి, బయానా పుచ్చుకుని, భోజనాల వేళకి సీతమ్మధారలో ఇంటికి వచ్చేయడం. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. ఆయనా అలాగే అనుకున్నాడు పాపం.

పోర్టు ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చిన కొత్తలో, మండువేసవిలో చూసి మురిసిపోయి కొన్న స్థలం అది. వానలు పడ్డాక గానీ అది స్థలం కాదు, గుంట అని తెలిసిరాలేదు. ఒకసారి నీళ్ళు చేరాయంటే చలికాలం వెళ్ళేదాకా మోకాలి లోతున కదలవు. అప్పటినుంచీ ఆయన అమ్మజూపడం, వచ్చినవాళ్ళు ముక్కు మీద వేలేసుకుని వెళ్ళిపోవడం. ఈలోగా భార్య గంగాభవానికి అద్దె ఇళ్ళు మారీ మారీ ప్రాణం విసిగింది. ఇప్పటి ఇంటి ఓనరు మేడ మీద బట్టలారేస్తే పేచీ, గోడకి మేకు కొడితే పేచీ.

"ఈసారి ఆ గుంట అమ్మి ఫ్లాటుకి అడ్వాన్సు కట్టకపోయారో, మీరు వెళ్ళి అందులోనే కాపురం పెట్టండి" అంది ఇడ్లీ వడ్డిస్తూ.

కూతురు అలేఖ్య నెత్తిన టోపీ, మూతికి మాస్కు, మెడలో బైనాక్యులర్సుతో బయల్దేరింది. "నాన్నా, ఏటా చలికాలంలో పక్షుల్ని లెక్కపెడతాం చూడండి, అది ఇవాళే. ఈసారి మా టీముకి పెందుర్తి వైపు వేశారు. వింటున్నారా?"

"ఆఁ ఆఁ, జాగ్రత్త" అన్నాడాయన. ఒక్క ముక్క వినలేదు. చెవి దగ్గర ఫోనుంది, ఫోనులో బ్రోకరు అప్పలసూరి ఉన్నాడు.

"ఏటి బావ కంగారు? నాను సూసుకుంటాను గదా! నిన్నే ఇంజను ఎట్టించీసి నీరంతా తోడించీసినాను. ఎలాగుందో వొచ్చి సూడు!"

వెళ్ళి చూశాడు. నీళ్ళు పోయిన మాట నిజమే. కానీ అప్పలసూరి నీళ్ళు తోడించాడే తప్ప చేపల్ని తోడించలేదు. అవి బురదలో తపతపా కొట్టుకుంటున్నాయి. పెందుర్తి చుట్టుపక్కల కొంగ అన్నదానికల్లా కబురు అందినట్టుంది. తెల్లకొంగలు, నారాయణ పక్షులు, నీటికాకులు, పేరు తెలియని బాతులు... స్థలంలో కాలు పెట్టడానికి సందు లేదు.

"ఓరి నాయనోయ్! ఇదేవిటి అప్పలసూరీ, విడిదింట్లో పెళ్ళివారిలా దిగిపోయాయి!"

"సేపల సంగతి నాకు తట్టనేదు బావ" అని అప్పలసూరి బుర్ర గోక్కున్నాడు.

ఇద్దరూ చప్పట్లు కొట్టారు. కొంగలు తల తిప్పి చూసి మళ్ళీ భోజనానికి కూర్చున్నాయి. టీ కొట్టు త్రినాథరావు దగ్గర పళ్ళెం తెచ్చి వాయించారు. భీమశంకరరావు పంచె ఎగ్గట్టి బురదలోకి దిగి హుష్ హుష్ అన్నాడు. కుడికాలి చెప్పు బురదలో ఉండిపోయింది, పక్షులూ ఉండిపోయాయి. చివరికి అప్పలసూరి ఎక్కడినుంచో దీపావళికి మిగిలిన లక్ష్మీబాంబు పట్టుకొచ్చి గట్టు మీద పేల్చాడు.

ఆకాశం ఒక్కసారిగా తెల్లబడిపోయింది. లేచిన పక్షులు గిర్రున తిరిగాయి. పక్క పొలాల్లోవి కూడా వింతేమిటో చూద్దామని వచ్చి కలిశాయి. అన్నీ కలిసి, ఇందాకటికి రెట్టింపుగా, మళ్ళీ అక్కడే దిగాయి.

సరిగ్గా ఆ వేళకి, పొద్దున్నుంచీ నాలుగు కాకులూ ఒక పావురమూ తప్ప ఏమీ కనబడక ఏడుపు మొహాలు వేసుకుని తిరుగుతున్న లెక్కింపు వాలంటీర్లు ఆకాశం చూశారు. ఆటో ఇటు తిప్పించారు. వస్తూనే మూడుకాళ్ళ స్టాండు దించి, దాని మీద దూరదర్శిని బిగించి, ఇద్దరు అక్కడే ఉండిపోగా మిగతావాళ్ళు తలో మూలకి సర్దుకున్నారు. వెనకే కారులో అచ్యుతరామయ్యగారు దిగారు. కృష్ణా జిల్లా మనిషి, స్టీల్ ప్లాంటులో రిటైరయ్యారు.

"ఎవరయ్యా వాళ్ళు?" అని అడిగారు.

తెలియదు అనే మాట అప్పలసూరి పుట్టి బుద్ధెరిగి అనలేదు. "సర్వే సార్" అన్నాడు గొంతు తగ్గించి. "పెద్ద సర్వే. ఏటొస్తాదో బైటికి సెప్పరు."

అచ్యుతరామయ్యగారు వెంటనే జేబులోంచి బయానా కవరు తీశారు. భీమశంకరరావు మాత్రం అవతలి గట్టు దగ్గర చెప్పు వెతుక్కుంటున్నాడు.

ఈ మాట త్రినాథరావు చెవిన పడింది. టీ కొట్టు వాడి చెవిన పడ్డ మాట అక్కడే ఎందుకుంటుంది? కాసేపటికి బైకులు రావడం మొదలైంది. ఒకరు మెట్రో అన్నారు, ఒకరు ఆరు లైన్ల రోడ్డన్నారు. ముందు మెట్రో అన్నవాడు రోడ్డు మాట విని రెండూ వస్తాయన్నాడు. అప్పలసూరి బురదలోంచి పరిగెత్తుకొచ్చాడు.

"బావ, జాగా అమ్మకు! సర్వే అని నాను అబద్ధమే సెప్పినాను. అది కాస్తా నిజమయిపోనాది! మెట్రో వొస్తాదని ఊరంతా సెప్తన్నారు!"

భీమశంకరరావు చెప్పు వెతకడం మానేశాడు. తొందరపడే మనిషి కాదు గనక తనే విచారిద్దామని ఒంటి చెప్పుతో స్టాండు వెనక చేరాడు. దూరదర్శినికి కన్ను ఆనించిన కుర్రాడు జయంత్ పక్కవాడితో అంటున్నాడు: "ఈ స్థలం ఓనరు ఎవరో పట్టుకోవాలిరా. ఇది ఎట్టి పరిస్థితుల్లోనూ వేరేవాళ్ళ చేతిలో పడకూడదు."

ఇంకేం కావాలి? ఇన్నాళ్ళకి తన దశ తిరిగింది. తిన్నగా అచ్యుతరామయ్యగారి దగ్గరికి వెళ్ళి, చాచిన కవరుని రెండు చేతులతో వెనక్కి తోశాడు.

"ఏమీ అనుకోకండి. ఈ స్థలమంటే మా ఆవిడకి ప్రాణమండీ. అమ్మే ఉద్దేశం లేదు."

"అదేమిటండీ! రేటు కాస్త పెంచమన్నా పెంచుతాను."

"అబ్బే, లాభం లేదండీ."

అచ్యుతరామయ్యగారు నిట్టూర్చి కవరు జేబులో పెట్టుకున్నారు. "నీళ్ళు నిలుస్తాయని తెలిసే వచ్చానండీ. మా వాడికి గ్రావెల్ లారీలున్నాయి, మెరక చేసుకునేవాళ్ళం. అది సరేగానీ, ఇంజను పెట్టి తోడించారెందుకండీ, దండగ?"

కారు మలుపు తిరిగిందో లేదో, ఎదుటి మూలనున్న టోపీ మనిషి మాస్కు లాగేసుకుని కేకేసింది. "నాన్నా! మీరేంటి ఇక్కడ? రెండో చెప్పు ఏది?"

భీమశంకరరావు చెప్పు లేని కాలు వెనక్కి లాక్కున్నాడు. కూతురు మాట్లాడుతూనే ఉంది. పొద్దున చెప్పాను కదా అంది. జిల్లాలో ఇన్ని పక్షులు ఇంకెవరికీ దొరకలేదంది, నాలుగువందల పన్నెండు అంది. మెట్రో కోసం వచ్చినవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని బైకులు స్టార్టు చేశారు. అప్పలసూరి అంతకు ముందే కనబడకుండా పోయాడు.

"అంకుల్, స్థలం మీదేనా!" అని జయంత్ ఆయన బురద చేతులు పట్టేసుకున్నాడు. "దయచేసి ఎవరికీ అమ్మకండి అంకుల్."

"అమ్మలేదు బాబూ" అన్నాడు భీమశంకరరావు నీరసంగా. "ఇప్పుడే, ఇక్కడే, అమ్మలేదు."

ఇంటికెళ్ళేసరికి గంగాభవాని గుమ్మంలో ఉంది. భర్త ఒంటి చెప్పు చూడగానే సగం అర్థమైంది, మిగతా సగం అలేఖ్య చెప్పింది. మేడ మీంచి ఓనరు, బురద కాళ్ళతో మెట్లెక్కద్దని అరుస్తున్నాడు. గంగాభవాని తిట్టకుండా చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన కాళ్ళ మీద పోసింది. భీమశంకరరావుకి అదే ఎక్కువ భయమేసింది.

"ఆ బాతులు ఎక్కణ్ణించి వచ్చాయే?" అంది చివరికి.

"ఎక్కడో సైబీరియా నుంచమ్మా."

"అంత దూరం నుంచి వచ్చినవి మన స్థలంలో దర్జాగా దిగాయన్న మాట. వచ్చే ఏడు మమ్మల్నీ లెక్కలో వేసుకో. గోదావరి నుంచి వచ్చిన జంట, ఇంకా ఎక్కడా వాలలేదని."