మా బిల్డింగులో బొద్దింకలు లేవు

అనకాపల్లిలో మేముంటున్న మాధుర్య రెసిడెన్సీలో బొద్దింకలు లేవు. ఇది నా సొంత అభిప్రాయం కాదు. పన్నెండు ఫ్లాట్ల వాళ్లూ హాజరైన సర్వసభ్య సమావేశంలో ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం. రాసింది నేనే. చేతిరాత గుండ్రంగా ఉంటుందని నన్ను కార్యదర్శిని చేశారు. తీర్మానాల పుస్తకం, అసోసియేషన్ లెటర్‌హెడ్, రబ్బరు స్టాంపు మా బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉంటాయి.

ఊళ్లో మిగతా చోట్ల సంగతి నాకు తెలియదు. ఇక్కడి గాలిలో సముద్రపు తడి ఉంటుంది, దానికి బెల్లం వాసన తోడు. ఆరేసిన తువ్వాలు ఆరదు, తెరిచిన బిస్కెట్టు పొట్లం సాయంత్రానికి మెత్తబడుతుంది. ప్రాణం ఉన్న ప్రతి పురుగుకీ నచ్చే వాతావరణం. మా బిల్డింగులో వాటన్నిటికీ తగిన మర్యాద జరుగుతోంది. చీమలు ఇంటికి మంచివని ఉంచుకున్నాం. బల్లులు శకునం చెబుతాయి కనుక పెద్దవాళ్ల లెక్క. దోమలు మున్సిపాలిటీవి, మావి కావు. కోశాధికారి రాజుబాబు గారి పూజామందిరం తలుపుని చెదలు తినేస్తే, ఆయన "పాత చెక్క కదండీ, వయసైపోయింది" అని దానికి పసుపు రాశారు.

బొద్దింక విషయం వేరు. చీమ కనిపిస్తే ఆ ఇంట్లో తీపి ఉందనుకుంటారు. బొద్దింక కనిపిస్తే ఆ ఇంటావిడ సింకు కడగదనుకుంటారు. అందుకని అది ఎవరి ఇంట్లోనూ లేదు.

మా అధ్యక్షులు ఉమామహేష్ గారు ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ల మధ్య గడిపి రిటైరయ్యారు. "లెక్క తేలనిదే నివారణ లేదు" అని ప్రకటించి, ఇంటింటికీ ఒక ఫారం పంచారు. ఫ్లాటు నంబరు, బొద్దింకల సంఖ్య, అందులో పెద్దవెన్ని, చిన్నవెన్ని, ఇతర విశేషాలు. నేను మా ఫారంలో సున్నా చుడుతుంటే ఒకటి వచ్చి కాగితం అంచు మీద నిలబడి మీసాలు ఊపింది. కాగితం దులిపి, సున్నాని ఇంకాస్త గుండ్రంగా దిద్దాను. పన్నెండు ఫారాలు, పన్నెండు సున్నాలు. ఆ ఫలితం చూసి ఉమామహేష్ గారి కళ్లు చెమర్చాయి.

అయినా ముందుజాగ్రత్తగా మందు కొట్టించాలని నిర్ణయించి తారక్ అనే కుర్రాణ్ణి పిలిపించాం. ఈ పనిలో అతనికి అనుభవం ఉంది.

"ఒకింట్లో కొడితే పైపులెమ్మట పక్కింటికి పోతాయండి. అందరూ వంటిళ్లు కాళీ చేసి ఒకే రోజు కొట్టించుకోవాలి. ఏ ఏ ఫ్లాట్లలో ఉన్నాయండి?" అనడిగాడు.

"ఎక్కడా లేవు" అన్నారు అధ్యక్షులు.

"మరి ఎక్కడ కొట్టమంటారండి?"

మెట్ల మీద, లిఫ్టులో, వాచ్‌మన్ ఎల్లాజీ కూర్చునే కుర్చీ చుట్టూ కొట్టించాం. ఎల్లాజీ మూడు రోజులు దగ్గాడు. అంతకు మించి ప్రాణనష్టం జరగలేదు.

ఆ తర్వాత తారక్‌కి ఒక్కొక్క ఇంటి నుంచీ విడివిడిగా, గుట్టుగా ఫోన్లు వెళ్లాయి. అతను ఏసీ మెకానిక్కు వేషంలో రావడం మొదలుపెట్టాడు. సంచిలో పైన స్క్రూడ్రైవర్లు, అడుగున మందు. అతను ఎవరింట్లోంచి బయటికొచ్చినా గడపలో నిలబడి "గ్యాసు నింపేవా బాబూ?" అని అందరికీ వినబడేలా అడిగేవాళ్లం. మా ఇంట్లో ఏసీ లేదు. అయినా రెండుసార్లు సర్వీసింగు జరిగింది.

సోమవారం మందు పడిన ఇంట్లోవి మంగళవారం పక్కింటికి చేరేవి. అక్కడ సర్వీసింగు జరిగితే పై అంతస్తుకి. నెల తిరిగేసరికి బిల్డింగంతా చూసుకుని మొదటి ఇంటికి వచ్చేవి. ఇరుగుపొరుగుల మధ్య ఇంత రాకపోకలు ఈ రోజుల్లో ఎక్కడున్నాయి?

ఈ రహస్యం పూర్తిగా తెలిసిన మనిషి ఒక్కర్తే, లోవలక్ష్మి. నాలుగేళ్లుగా మా బిల్డింగులో ఆరిళ్లలో పనిచేస్తోంది. మందు పెట్టే ముందు అలమర్లు ఖాళీ చేసేదీ, డబ్బాలు కడిగేదీ, వెల్లకిలా పడ్డవాటిని పేపర్లో చుట్టి బయట పారేసేదీ ఆమే. ఆరిళ్లలోనూ ఆరుగురం ఆమెకి ఒకే మాట చెప్పాం. "ఈ సంగతి ఎవరి దగ్గరా అనకే." ఆరిళ్లలోనూ ఒకటే జవాబు. "నాకెందుకమ్మా, నానేటి సూడనేదు."

ఇలా ప్రశాంతంగా జరిగిపోతుండగా, ఊళ్లోని ఒక క్లబ్బు వారు మాకు పరిశుభ్ర నివాస పురస్కారం ప్రకటించారు. సెల్లారులో షామియానా వేశాం. ఉమామహేష్ గారు పరిశుభ్రత గురించి నలభై నిమిషాలు మాట్లాడి, వాళ్లింటి బీరువాలోంచి తెచ్చిన శాలువా ముఖ్య అతిథికి కప్పారు. శాలువా మడతలోంచి అది బయటికి వచ్చింది. బాగా ఎదిగినది. అతిథి భుజం మీదికెక్కి, సభని ఒకసారి కలయజూసింది.

"ఏటండీ ఇది?" అన్నాడు అతిథి.

"బయటిదండీ" అన్నారు ఉమామహేష్ గారు.

ఆ ఒక్క మాటతో మా బిల్డింగు పరువు నిలబడింది. అదే రాత్రి విచారణ సంఘం ఏర్పడింది. బయటి బొద్దింక లోపలికి ఎలా వచ్చింది? కొరియరు పెట్టెలా? రోజుకి పదొస్తాయి, మానలేం. సెల్లారులో నిలవ ఉన్న బెల్లం దిమ్మలా? అవి రాజుబాబు గారివి, కోశాధికారిని అనుమానించడం పద్ధతి కాదు. మిగిలింది లోవలక్ష్మి చేతిసంచి.

విచారణ సంఘం తరపున అధ్యక్షులు, కోశాధికారి, నేను రైలుగేటు అవతల ఉన్న లోవలక్ష్మి ఇంటికి వెళ్లాం. రేకుల గది ఒకటి. గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. పొయ్యి గట్టు మీద చెయ్యి పెడితే చెయ్యి శుభ్రపడేలా ఉంది. రాజుబాబు గారు చాప ఎత్తి చూశారు. ఉమామహేష్ గారు టార్చి వేసి బియ్యం డబ్బా వెనక చూశారు, గోడకి చెవి ఆనించి విన్నారు.

"ఏటి ఎతుకుతున్నారు బాబూ?" అంది లోవలక్ష్మి.

"బొద్దింకలు."

"నేవండి. తిన్న గిన్ని అప్పుడే తోమీత్తాను. ఆటికేటి మిగుల్తాది?"

బయటికి వచ్చాక అధ్యక్షులు గొంతు తగ్గించారు. "చూసేరా? ఒక్కటంటే ఒక్కటి లేదు. అంటే అన్నిట్నీ మన బిల్డింగుకి చేరేసిందన్నమాట." నేను ఆ మాటే రాసుకున్నాను. చక్కటి అక్షరాల్లో చదివితే చాలా సబబుగా ఉంది.

ఆదివారం సమావేశానికి లోవలక్ష్మి తనే వచ్చింది. సంజాయిషీకి కాదు, పని మీద. పరవాడలో మందుల కంపెనీలో క్లీనింగు పనికి కంట్రాక్టరు మనుషుల్ని తీసుకుంటున్నాడట. మాత్రలు తయారుచేసే గది, తలకి టోపీ, మూతికి గుడ్డ, వెంట్రుక రాలినా ఒప్పుకోరు. వారానికొక సెలవు, జబ్బుచేస్తే ఆస్పత్రి, ఇంటి సందు మొగకే కంపెనీ బస్సు.

"ఇన్నాళ్లూ పన్జేసిన కాడి నుంచి, పని సుబ్బరంగా సేత్తాదని కాయితం తెమ్మన్నాడు బాబూ. సుక్కురారం నోగా ఇయ్యాలంట. ఈ వయిసులో ఇంకోపాలి పిలవరు."

ఉమామహేష్ గారు లేచారు. "మిత్రులారా! ఏ మనిషి ద్వారా మన బిల్డింగులోకి బొద్దింక ప్రవేశించిందో, అదే మనిషికి పరిశుభ్రత పత్రం ఇవ్వమని అడుగుతున్నారు. ఆ పత్రం మీద పడేది స్టాంపు కాదు, మన ఆత్మగౌరవం!" చప్పట్లు. "నువ్వేమైనా చెప్పుకుంటావా?" అని దయతో ఆమెకి అవకాశం ఇచ్చారు.

లోవలక్ష్మి సభని చూసింది. సభలో మా ఆరుగురినీ చూసింది.

"ఈ బిల్డింగులో బొద్దింకలు ఎవులెవులింట్లో ఉన్నాయో, ఏ డబ్బా ఎనకాల ఉన్నాయో నాను సెప్పగల్ను బాబూ."

అధ్యక్షుల భార్య శ్రీదేవి గారికి దగ్గొచ్చింది. ఒకావిడ కుర్చీ కింద చెప్పు వెతుక్కోవడం మొదలుపెట్టింది. నా పెన్నులో ఇంకు అయిపోయినట్టనిపించి విదిలించాను.

"కానీ సెప్పను. సెప్పనని మాటిచ్చేను."

"రాసుకోండి" అన్నారు అధ్యక్షులు నాతో. "విచారణకి సహకరించలేదు."

ఆమెని పనిలోంచి తొలగించాలని, బిల్డింగులోకి రానివ్వకూడదని, ఏ సభ్యులూ ఆమెకి ఏ పత్రమూ ఇవ్వకూడదని తీర్మానించాం. అందరికన్నా ముందు చేతులెత్తింది మేం ఆరుగురమే.

ఆ సాయంత్రం నేను లోవలక్ష్మికి ఫోను చేస్తే ఎంగేజి వచ్చింది. అయిదుసార్లు వచ్చింది. ఆరోసారి దొరికింది.

మర్నాటి నుంచి పని యథాప్రకారం సాగింది. చిన్న మార్పులు తప్ప. ఎల్లాజీ టీకి వెళ్లిన వేళ చూసుకుని వెనక మెట్ల మీంచి వచ్చేది. చెప్పులు సంచిలో పెట్టుకునేది. తలుపు కన్నమంత తెరిస్తే పక్కగా దూరేది. కాలింగ్ బెల్ మోగితే ఫ్రిజ్ సందులోకి వెళ్లి, మనుషులు పోయేదాకా కదలకుండా నిలబడేది. రెండు రోజుల్లోనే బాగా అలవాటు పడింది. పత్రం అడిగితే మాత్రం ఆరిళ్లలోనూ "తీర్మానం ఉంది కదే" అన్నాం.

బుధవారం ఉమామహేష్ గారు మెట్ల దగ్గర అందర్నీ ఆపి, "మా శ్రీదేవిని చూడండి, ఈ వయసులో కూడా తన గిన్నెలు తనే తోముకుంటోంది" అన్నారు. శ్రీదేవి గారు సిగ్గుపడి తల వంచుకున్నారు. మేమంతా మెచ్చుకున్నాం.

గురువారం పొద్దున్న గిన్నెలు తోముతూ లోవలక్ష్మి మళ్లీ అడిగింది. "రేపే ఆకరమ్మా. స్టాంపు మీ కాడే ఉంది. రెండు ముక్కలు రాసీండి. ఎవులికీ సెప్పను. సెప్పనని మీకు తెలుసు కదా."

తెలుసు. అందుకే నాకు జాలి కలిగింది. లెటర్‌హెడ్ తీసి రాశాను. 'లోవలక్ష్మి మా ఇంట్లో నాలుగేళ్లుగా శుభ్రంగా పనిచేస్తోంది. నమ్మకస్తురాలు.' సంతకం పెట్టబోతుండగా బెల్ మోగింది. లోవలక్ష్మి ఫ్రిజ్ సందులోకి వెళ్లిపోయింది. నేను కాగితం మీద పేపరు కప్పి తలుపు తీశాను.

శ్రీదేవి గారు. తోడుకి కాస్త మజ్జిగ కావాలని వచ్చి కూర్చున్నారు. కాఫీ ఇచ్చాను. ఇద్దరం పనిమనుషులు లేకపోతే ఒంటికి ఎంత ఆరోగ్యమో మాట్లాడుకున్నాం. ఇంతలో వంటింట్లో గిన్నె జారి ఖంగుమంది.

"ఎవరండీ లోపల?" అన్నారు శ్రీదేవి గారు.

నాలుగేళ్లుగా, పక్కింటావిడకి గానీ, కన్న తల్లికి గానీ చెప్పని మాట, ఫారంలో సున్నాగా చుట్టిన మాట, నా నోట్లోంచి సునాయాసంగా వచ్చేసింది.

"బొద్దింకండీ. మా ఇంట్లో ఉన్నాయి. పెద్దవి."

లోవలక్ష్మి చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది. నేరుగా వచ్చి మా ముందున్న కాఫీ గ్లాసులు తీసుకుంది.

"ఇయ్యి కూడా కడిగీసి ఎల్తానమ్మా. శ్రీదేవమ్మా, మీ ఇంటికి పదింటికి వత్తాను. బాబుగారు అడిగితే ఎలకని సెప్పీండి."

శ్రీదేవి గారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా గోడమీది క్యాలెండరు చూశాం. లోవలక్ష్మి పేపరు కింద నుంచి కాగితం లాగి మా మధ్య పెట్టింది.

"ఇద్దరూ ఉన్నారు. సంతకాలు ఎట్టీండి."

ఇక తప్పలేదు. అయితే శ్రీదేవి గారు అధ్యక్షుల భార్య, ఏ కాగితమైనా చదవకుండా సంతకం పెట్టరు. "పనిచేస్తోంది అంటే తీర్మానం ధిక్కరించినట్టండీ" అన్నారు. కొట్టేశాను. "మా ఇంట్లో అంటే ఎవరింట్లో అంటారు." కొట్టేశాను. "నాలుగేళ్లుగా ఉందంటే అంతకాలం నుంచీ ఆ పురుగులూ ఉన్నాయనేగా." కొట్టేశాను. శుభ్రంగా అంటే, మరి శాలువాలోది ఎక్కణ్ణించి వచ్చిందని అడుగుతారు. అదీ పోయింది. నమ్మకస్తురాలు అన్న మాట దగ్గర ఇద్దరం కాస్సేపు ఆగాం. ఏ విషయంలో నమ్మకంగా ఉందని ఎవరైనా అడిగితే? కొట్టేశాను.

కొట్టివేతలున్న కాగితం అసోసియేషన్‌కి శోభ కాదు. కొత్త లెటర్‌హెడ్ తీసి, మిగిలినదంతా పైన చక్కగా ఎక్కించాను. 'లోవలక్ష్మి.' కింద కార్యదర్శిగా నేను సంతకం పెట్టాను, సాక్షిగా శ్రీదేవి గారు పెట్టారు. స్టాంపు వేశాను. బాగా పడింది.

లోవలక్ష్మి కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. "కాళీగా ఉందేటమ్మా?"

"ఒక్క తప్పు కూడా లేదు చూడు" అన్నారు శ్రీదేవి గారు.

లోవలక్ష్మి నవ్వింది. టీపాయ్ మీది నా పెన్ను తీసుకుంది. "పదో తరగతి పాసయ్యేనమ్మా నాను. ఇంత సోటు ఒగ్గీసేరు, మిగతాది నానే రాసుకుంతాను."

చెప్పులు సంచిలోంచి తీసి హాల్లోనే తొడుక్కుంది. వీధి తలుపు బార్లా తీసుకుని, లిఫ్టెక్కి వెళ్లిపోయింది. లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు విన్నాక గానీ, ఆమె చేతికి ఏం ఇచ్చామో మా ఇద్దరికీ వెలగలేదు.

సోమవారం పొద్దున్న పాలకి వెళ్లిన ఉమామహేష్ గారికి పరవాడ కంపెనీ బస్సు కిటికీలో లోవలక్ష్మి కనిపించిందట. అంటే కాగితం పనిచేసింది. అది ఇప్పుడు మా సంతకాలతో, మా స్టాంపుతో ఆ కంపెనీ ఫైల్లో ఎక్కడో ఉంది. అందులో ఏం రాసి ఉంటుందని శ్రీదేవి గారూ నేనూ రోజూ అనుకుంటూనే ఉన్నాం. అబద్ధం రాసుకుని ఉంటే బెంగలేదు, అలాంటివాటి కింద మేం ఎన్ని సంతకాలు పెట్టలేదు? నిజమే రాసిందేమోనని మా భయం.