స్టోర్‌కీపరు గారి ఒక్కరోజు సెలవు

ఆ రోజు కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, నిన్న కట్టిపెట్టిన పదకొండు పార్సిళ్లకు పన్నెండోది జతచేసి, మధ్యాహ్నం రెండింటికి కొరియర్ అతను రాగానే అన్నీ అతని చేతికిచ్చి, ఆ తరువాత ఒక్క గంట ఎవరూ పలకరించకుండా పడుకోవాలి. ఇందులో అత్యాశ ఏమీ లేదు. కాకపోతే ఆ ఇంట్లో పథకం వేసుకోవడమే కొంచెం సాహసం.

ఆమెది పాత వస్తువుల దుకాణం. దుకాణమంటే వీధిలో బోర్డు, లోపల బల్ల ఉంటాయనుకునేరు. రెండో పడగ్గదిలో గోడ పొడవునా నాలుగు ఇనుప అరలు, వాటి నిండా జనం వద్దనుకున్న వస్తువులు, వాటినే కావాలనుకునే జనాన్ని వెతికిపెట్టే ఒక వెబ్‌సైటు. అంతే. ఆ గదిలోంచి మంచం ఎప్పుడో వెళ్లిపోయింది. రెండేళ్లుగా ఒక్కతే ఫొటోలు తీసి, తుడిచి, కట్టి, పంపి నిలబెట్టింది. ఆ గదిలోకి అడుగుపెడితే చాలు, ఇది నాది అనిపించేది ఆమెకు.

మామగారు ఒక పెద్ద ఫ్యాక్టరీలో ముప్ఫై నాలుగేళ్లు స్టోర్‌కీపరుగా చేసి రిటైరయ్యారు. తన హయాంలో కాగితం లేకుండా గుండుసూది కూడా గడప దాటలేదని ఆయనకు గర్వం. కోడలి గదిలోకి తొంగిచూసిన మొదటిరోజు ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంత సరుకు... ఒక్క నంబరు కూడా లేకుండానా తల్లీ?" అన్నారు. వారం తిరిగేసరికి ప్రతి వస్తువుకూ నంబరు చీటీ, ప్రతి అరకూ అట్టముక్క, వీటన్నిటి మీదా పెత్తనం చెయ్యడానికి లావుపాటి రిజిస్టరు ఒకటి వచ్చి కూర్చున్నాయి. ఏ వస్తువు ఎప్పుడొచ్చింది, ఎంత బరువుంది, ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్లింది, తను రాకముందు అమ్మినవాటితో సహా అన్నీ అందులో ఉన్నాయని ఆయనే చెప్పేవారు. ఆయన తప్ప ఎవరూ దాన్ని తెరిచి చూడలేదు.

పోయిన నెల పూలకుండీ అడిగినవాళ్లకు గొడుగు, గొడుగు అడిగినవాళ్లకు పూలకుండీ చేరాయి. వెబ్‌సైటు వాళ్లు మర్యాదగానే రాశారు: ఇంకొక్క పొరపాటు జరిగినా, ఒక్క పార్సిలు ఆలస్యమైనా దుకాణం మూసేస్తాం. ఆ ఉత్తరాన్ని కోడలు పదహారుసార్లు చదివింది. నంబర్లు వచ్చాకే తప్పులు మొదలయ్యాయి, నంబర్లేమో మామగారివి. ఆమె నోటితో ఏమీ అనలేదు గానీ మనసులో తీర్పు రాసేసుకుంది.

అందుకే ఆ పొద్దున ఆయన గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, పార్సిళ్లు కడుతున్నావు సరే, ఇండెంటు ఏదీ?" అనగానే ఆమెకు ఒళ్లు మండింది. ఇండెంటంటే ఫలానా సరుకు కావాలని స్టోర్‌కీపరుకు రాసిచ్చే చీటీ. సొంత ఇంట్లో, సొంత అరలోంచి, సొంత వస్తువు తీసుకోవడానికి ఆమె రోజూ చీటీ రాస్తోంది.

"మామయ్యా, మీకు దణ్ణం పెడతాను. ఇవాళ ఒక్కరోజు ఆ రిజిస్టరు పక్కన పెట్టి హాయిగా విశ్రాంతి తీసుకోండి."

"అంటే సెలవు పెట్టమంటావా?"

"ఏదో ఒకటి పెట్టండి."

పది నిమిషాల్లో ఆయన సెలవు చీటీ పట్టుకొచ్చారు. చీటీ అనడమే గానీ కాగితానికి రెండువైపులా నిండుగా రాసి ఉంది. కోడలి ఒక చేతిలో టేపు, ఇంకో చేతిలో అట్టపెట్టె, పళ్ల మధ్య కత్తెర.

"చదివి సంతకం చెయ్యమ్మా. ముఖ్యంగా మూడో పేరా."

"చదివాను మామయ్యా," అని ఆమె కత్తెర సందులోంచే చెప్పి, మోకాలి మీద పెట్టుకుని గీకేసింది.

ఆయన ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టారు. రిజిస్టరును బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. చల్లగాలి వేస్తోందని చెవులమీదుగా మఫ్లరు చుట్టుకుని, బాల్కనీలో పడక్కుర్చీలో వాలి, కళ్లు మూసుకున్నారు.

పన్నెండో పార్సిలు నూట పదిహేడో నంబరు. అరచేతిలో ఇమిడే ఎర్ర రంగు పాకెట్ రేడియో. కోడలు మూడో అర దగ్గరికి వెళ్లింది. నూట పదహారు ఉంది. నూట పద్దెనిమిది ఉంది. మధ్యలో నూట పదిహేడు అని రాసిన అట్టముక్క ఉంది గానీ రేడియో లేదు.

ఆమె అర మొత్తం కిందకు దించింది. రెండో అర, మొదటి అర, అరల వెనక, తన చున్నీ కింద, అన్నీ వెతికింది. చివరికి బాల్కనీలోకి పరిగెత్తి, "మామయ్యా, నూట పదిహేడు ఎక్కడుంది?" అంది.

మామగారు కళ్లు తెరవలేదు. తల అడ్డంగా మెల్లగా ఊపారు.

"అలిగారు," అంది అత్తగారు వెనకనుంచి, అనుభవం మీద. "మీ మామయ్యగారు అలిగితే మూడు రోజులు నోరు విప్పరు. మా పెళ్లయిన కొత్తలో ఒకసారి వారం పట్టింది. మనమే వెతుక్కుందాం పద."

ఈ అలికిడికి హాల్లో ఆఫీసు మీటింగులో ఉన్న భర్త హెడ్‌ఫోన్ తీగ లాప్‌టాప్‌లోంచి లాగేసి మెడలో వేసుకున్నాడు. విషయం విని, "నిన్న కట్టిన పార్సిళ్లలో దేన్లోనో పడి ఉంటుంది. విప్పి చూస్తే పోలా?" అన్నాడు. ఆ మాట అన్నది చాలక మొదటి పార్సిలు తనే విప్పాడు. రెండోది అత్తగారు విప్పింది. కోడలు వద్దు వద్దంటూనే మూడోది విప్పింది. పావుగంటలో పదకొండూ విచ్చుకున్నాయి. రేడియో లేదు. పార్సిళ్ల మీంచి ఊడిన కొరియర్ చీటీలు మాత్రం ఫ్యాను గాలికి హాలంతా తిరిగాయి.

"దేనిది దేనికో నాకు గుర్తుంది," అని అత్తగారు ధీమాగా కట్టడం మొదలుపెట్టింది. ఆవిడ పద్ధతి ఆవిడది: అందమైన వస్తువు అందమైన పెట్టెలో పెట్టాలి. భర్త పద్ధతి వేరు. ఏ పెట్టెలో ఏది పడితే అది దానిదే. కొవ్వొత్తి స్టాండు ఇద్దరి లెక్కలోనూ రెండేసి పెట్టెలకు సరిపోయింది. కోడలు మధ్యలో కూర్చుని చీటీలు ఏరుతూ, మొత్తం పదిహేడు చీటీలు ఎలా వచ్చాయో అర్థంకాక నోరు వెళ్లబెట్టింది.

అప్పుడు భర్త లాప్‌టాప్‌లోంచి గొంతు వినబడింది. "సార్, ఆ సోఫా కింద ఏదో ఎర్రగా కనబడుతోంది!" కెమెరా ఆపడం మరిచిపోయాడు. పద్నాలుగు మంది ఎజెండా వదిలేసి అరగంటగా తెరమీద రేడియో వెతుకుతున్నారు. "అది బూట్ల బ్రష్షు," అన్నాడు భర్త వంగి చూసి. "మరి ఎడమవైపు?" అని ఇంకొకరు. "అది మా అమ్మ." అత్తగారు ఎర్ర శాలువా సర్దుకుని తెర వంక నవ్వింది. మేనేజరు గొంతు సవరించుకుని, ఆ కొవ్వొత్తి స్టాండు అమ్మకానికేనా అని అడిగాడు.

పన్నెండున్నర అయింది. నిన్న సాయంత్రం పక్కింటి టీచరమ్మ వచ్చి గాజు కూజా ఒకటి తీసుకెళ్లిందని, ఆ పెట్టెలో పడి ఉంటుందేమోనని కోడలికి తట్టింది. భర్త హెడ్‌ఫోన్ మెడలో వేసుకునే పరిగెత్తాడు.

"నిన్న మీరు తీసుకెళ్లిన పెట్టె ఒకసారి వెతకాలండీ. మా వస్తువు ఒకటి కనబడటం లేదు," అన్నాడు. అతని ఉద్దేశం మంచిదే.

టీచరమ్మ ఒంటికాలిమీద లేచింది. "అంటే నేను ఎత్తుకొచ్చాననా?" అని లోపలికి వెళ్లి, రెండేళ్లలో వాళ్ల దగ్గర కొన్నవన్నీ బట్టల బుట్టలో నింపుకుని వచ్చి, హాల్లో గుమ్మరించింది. "ఇవిగో మీ సామాన్లు! ఒక్కొక్కటే చూసుకోండి. నేనూ ఇక్కడే నిలబడతాను." ఆ గుట్టలో రేడియో తప్ప అన్నీ ఉన్నాయి. దేనిమీదా నంబరు లేదు. ఒక్క వస్తువు వెతకబోతే ఇరవైమూడు పెరిగాయి. కాసేపు మూతి ముడుచుకుని నిలబడిన టీచరమ్మ, సంగతి తెలిశాక ఉండబట్టలేక తనూ వెతకడంలో దిగింది.

ఒకటిన్నరకల్లా వంటింటి డబ్బాలు కూడా హాల్లోకి వచ్చేశాయి. ఎందుకొచ్చాయో ఎవరికీ తెలియదు. కోడలు ఆ సామాన్ల మధ్య చతికిలబడింది. "రెండేళ్లు కష్టపడ్డాను అత్తయ్యా. ఇంక అరగంటలో మూసేస్తారు," అంది.

సరిగ్గా అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. కొరియర్ అతను. ఆ రోజు అరగంట ముందే వచ్చాడు.

"ఒక్క పది నిమిషాలు బాబూ," అని అత్తగారు అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, అందరినీ కూడగట్టింది. "రిజిస్టరు తీస్తే గానీ లాభం లేదు. తాళంచెవి ఆయన జేబులో ఉంది. పదండి, కాళ్లు పట్టుకుందాం."

అందరూ బాల్కనీకి తరలివెళ్లారు. కొరియర్ అతనూ వెళ్లాడు, స్టూలుతో సహా. మామగారు కళ్లు మూసుకునే ఉన్నారు. కాలి బొటనవేలు మాత్రం కదులుతోంది.

"కోపంతో కాలు ఎలా ఊగుతోందో చూడండి," అని గుసగుసలాడింది అత్తగారు. తరువాత ముందుకొచ్చి, "ఏమండీ, అరవై రెండో నంబరు కప్పుల్లో ఒకటి నేనే పగలగొట్టాను. జిగురు పెట్టి అంటించి, ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాను. ఇంక అలక మానండి," అంది. మామగారు చెయ్యెత్తి, ఆగు అన్నట్టు గాల్లో నిలిపారు.

"చాలలేదు," అన్నాడు భర్త పాలిపోయిన ముఖంతో. "నాన్నా, ఆ పూలకుండీ, గొడుగు... నేనే. నా కీబోర్డు వాపసు పంపడానికి గట్టి పెట్టె కావాల్సి వచ్చింది. పూలకుండీ తీసి గొడుగు పెట్టెలో పెట్టి, గొడుగు ఇంకోదాంట్లో పెట్టి... చీటీలు అటూ ఇటూ అయ్యాయి."

కోడలు భర్త వంక చూసిన చూపుకు టీచరమ్మ ఒకడుగు వెనక్కు వేసింది. కానీ ఇప్పుడు ఆమెకు భర్తను కడిగెయ్యడం కంటే ముఖ్యమైన పని ఉంది. కుర్చీ పక్కన మోకాళ్లమీద కూర్చుంది. "మామయ్యా, నెల రోజులుగా తప్పంతా మీదేననుకున్నాను. పైకి అనలేదు గానీ అనుకున్నాను. నన్ను క్షమించండి."

మామగారి ముఖం ఆనందంతో విప్పారింది. "ఆహా!" అన్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆయన మళ్లీ, "ఆహాహా!" అన్నారు. ఇది కొంచెం ఎక్కువగా తోచింది.

ఈలోగా కొరియర్ అతను ఊరికే ఉండలేక, కోడలి చేతిలో నలుగుతున్న పన్నెండో చీటీ తీసుకుని తన మిషనుతో చూశాడు. చీటీమీద నల్ల గీతలే ఉంటాయి. కొన్నవారి వివరాలు ఆ మిషనుకే తెలుస్తాయి. అతను ఒకసారి మిషను వంక, ఒకసారి గుమ్మం వంక చూశాడు.

"మేడమ్, ఇది ఈ ఇంటికే. పేరు ముందు రిటైర్డ్ స్టోర్‌కీపర్ అని ఉంది."

కోడలు మెల్లగా లేచి మామగారి మఫ్లరు పక్కకు జరిపింది. చెవిలోంచి సన్నటి తీగ ఒకటి మెడమీదుగా చొక్కా జేబులోకి దిగి ఉంది. జేబులో ఎర్రగా ఏదో మెరుస్తోంది.

మామగారు కళ్లు తెరిచి, చుట్టూ ఇంతమందిని చూసి ఉలిక్కిపడ్డారు. చెవిలోంచి తీగ లాగారు. సన్నగా ఒక పాత పాట బయటికి వచ్చింది. "ఏమైంది? ఎవరికైనా బాగాలేదా?"

"మామయ్యా! ఆ రేడియో..."

"నాదేనమ్మా. బాగుందని ముచ్చటపడ్డాను. స్టోర్‌కీపరు అయినంత మాత్రాన ఊరికే తీసుకుంటానా? అందరిలాగే ఆర్డరు పెట్టాను. కొన్నవాడు స్వయంగా వస్తే చేతికివ్వొచ్చని మా ఫ్యాక్టరీలో రూలుంది. నిన్న సాయంత్రం స్టోర్‌కీపరుగా ఇచ్చి, కొన్నవాడిగా పుచ్చుకుని, రెండు సంతకాలూ పెట్టాను. సెలవు చీటీలో మూడో పేరా అదే. చదివానన్నావుగా?"

కోడలికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ చేసింది. వాటి మధ్యలోనే భర్త చేసిన నిర్వాకమంతా చెప్పి, మళ్లీ క్షమాపణ అడిగింది.

"అదా? రిజిస్టరులో ఉందమ్మా. అబ్బాయి పెట్టె మార్చాడని అదే రోజు రాశాను. ఆ కింద మీ అత్తయ్య కప్పు సంగతి కూడా ఉంది."

"మరి నాకెందుకు చెప్పలేదు మామయ్యా?"

"నువ్వు అడగలేదు. వాడేమో నా కొడుకు. అందుకని ఎవరూ చదవనిచోట రాసిపెట్టాను."

"సార్," అన్నాడు కొరియర్ అతను ఇబ్బందిగా, "వస్తువు నేను తీసుకెళ్లి, డిపోలో వేసి, మళ్లీ తెచ్చివ్వాలి. లేకపోతే మిషను ఒప్పుకోదు."

"రూలా?"

"రూలే సార్."

మామగారు అతని వంక, ఎన్నాళ్లకో కనబడ్డ ఆత్మబంధువును చూసినట్టు చూశారు. చరణం మధ్యలోనే రేడియో ఆపి, తీగ చుట్టి, అతని చేతిలో పెట్టారు.

ఇక మిగిలింది విచ్చుకున్న పదకొండు పార్సిళ్లు, టీచరమ్మ గుట్ట, పదిహేడు చీటీలు. మామగారు మళ్లీ కుర్చీలో వాలి, తను సాయంత్రం దాకా సెలవులో ఉన్నానని గుర్తుచేశారు. కోడలు అప్పటికప్పుడు సెలవు రద్దు చేస్తూ కాగితం రాసిచ్చింది. ఈసారి రాసింది రెండుసార్లు చదివి మరీ సంతకం చేసింది. ఆయన రిజిస్టరు తెరిచారు. టీచరమ్మ ఏది ఎప్పుడు కొన్నదీ చదివి వినిపిస్తే ఆవిడే ముక్కున వేలేసుకుంది. బరువులు చూసి, నంబర్లు చదివి, ఏ చీటీ దేనిదో చెప్పుకుంటూ పోతే పావుగంటలో పన్నెండు పార్సిళ్లూ గడప దాటాయి. పదిహేడులో మిగతా అయిదూ పాత చీటీలని తేలింది. రెండింటికి ఇంకా అయిదు నిమిషాలుంది. లాప్‌టాప్‌లోంచి చప్పట్లు వినబడ్డాయి.

మూడో రోజున రేడియో ఊరంతా తిరిగి, అదే కొరియర్ అతని చేతులమీదుగా అదే గుమ్మంలోకి వచ్చింది. సాయంత్రానికి వెబ్‌సైటులో దుకాణం పేరు కింద కొత్త అభిప్రాయం కనబడింది. "వస్తువు చెప్పినట్టే ఉంది. కట్టిన తీరు బాగుంది. దుకాణం నడిపే అమ్మాయి నిజాయితీపరురాలు, ఆమెను నమ్మవచ్చు." దాని పక్కన నాలుగు నక్షత్రాలు.

కోడలు కళ్లు తుడుచుకుని బాల్కనీలోకి వెళ్లింది. "మామయ్యా, మరి ఆ అయిదో నక్షత్రం?"

మామగారు చెవిలోంచి తీగ తీసి, దానికి ఇండెంటు రాయమన్నారు.